శరణార్థుల సాయం కోసం వేలంపాట: 120 మంది, 60 వస్తువులు. ఎలా నడపాలి?

కొత్తకమిటీ:
యుద్ధం వల్ల ఇల్లు వదిలి వచ్చి, మా దగ్గర కొత్తగా కాపురం పెట్టుకుంటున్న కుటుంబాల కోసం వేలంపాట పెడదామనుకుంటున్నాం. ఇంకా పది వారాల టైముంది. హాల్లో 120 మంది పడతారు. ఇప్పటికి 60 వస్తువులు ఇస్తామని మాట వచ్చింది: బొమ్మలు, చేతిపని సామాను, హోటల్ బస కూపన్లు, సంగీతం పాఠాలు, ఒక పాత గోడగడియారం. అన్నీ స్టేజీ మీదే పాట పెట్టొచ్చా? మొదటి ధర ఎంతతో మొదలెట్టాలి? వచ్చిన డబ్బు ఎలా చేర్చాలి? ఆ కుటుంబాలను కూడా పిలిచి నాలుగు మాటలు చెప్పిద్దామని కొందరంటున్నారు. అది సబబేనా?

మూడోసారి:
60 వస్తువులు స్టేజీ మీద వద్దండీ. ఒక్కోదానికి వర్ణన, పాట, గెలిచినవారి నంబరు రాసుకోవడం కలిపి రెండు మూడు నిమిషాలు. మొత్తం రెండు గంటల పైమాటే. గంట తిరిగేసరికి చేతులు లేవడం మానేస్తాయి. స్టేజీకి 8 నుంచి 10 చాలు. మిగతావాటికి రాతపాట పెట్టండి: వస్తువు బల్ల మీద, దాని ముందు ఒక కాగితం. కావలసినవాళ్లు, లోపలికి వచ్చినప్పుడు ఇచ్చిన తమ నంబరుని ధర పక్కన రాసి పోతారు.

ఇంకో లెక్క ముందే చూసుకోండి. 120 మంది వస్తే 120 మంది పాటదారులని కాదు. భార్యాభర్తలిద్దరూ వస్తే పర్సు ఒకటే. పాడేవాళ్లు 60, 70 మంది ఉంటారనుకోండి. ఒక వస్తువు ధర పెరగాలంటే దాన్ని కోరేవాళ్లు కనీసం ఇద్దరుండాలి. అందుకే బల్లల మీద 30కి మించకుండా చూడండి. మిగిలినవి కలిపేయండి. సంగీతం పాఠాల కూపను ఒక్కటే పెడితే అటూ ఇటూగా పోతుంది. దానికి నేర్చుకునేవాళ్లకి పనికొచ్చే వాయిద్యం ఒకటి జతచేస్తే అదొక మంచి వస్తువవుతుంది.

మొదటి ధర: బజారు విలువ 100 అనుకుంటే 40 దగ్గర మొదలెట్టండి. 70 దగ్గర మొదలెడితే కాగితం ఖాళీగా పడుంటుంది. ఖాళీ కాగితం మీద మొదటి పేరు రాయడానికి ఎవరికైనా జంకే. మరీ 10 దగ్గర మొదలెడితే చవగ్గా కొట్టేయడానికే చూస్తారు. మెట్లు కాగితం మీద ముందే అచ్చువేయండి: 40, 48, 56, 64. పాటదారు తన నంబరు మాత్రమే రాయాలి. ధర రాసే పని వాళ్లకి వదిలేస్తే 40 పక్కన 41 అని రాస్తారు, పాట అక్కడే నానుతుంది.

బల్లలన్నిటి మీదా పాట ఒకేసారి మూయకండి. మూడు భాగాలు చేసి పావుగంటకొకటి మూయండి, మంచివి చివరి బల్ల మీద ఉంచండి. మొదటి బల్ల మీద ఓడిపోయినవాళ్లు రెండోదానికి వెళ్తారు. మూసే క్షణాన ఒక వాలంటీరు చివరి నంబరు కింద ఎర్రపెన్నుతో గీత గీసి, సంతకం చేసి, కాగితం చేత్తో పట్టుకునే వెళ్లిపోవాలి. తర్వాత తీసుకుందామని బల్ల మీదే వదిలేస్తే గీత కింద కొత్త నంబరు వస్తుంది, గొడవ మొదలవుతుంది.

స్టేజీ వస్తువుల్లో అన్నిటికన్నా మంచిదాన్ని మొదటా వద్దు, చివరా వద్దు. అయిదోదిగానో ఆరోదిగానో తీయండి. హోటల్ బస లాంటివి ఇచ్చేవాళ్లని ముందే ఒక మాట అడిగి ఉంచండి: ఇద్దరు గట్టిగా పోటీపడితే అదే ధరకి రెండోది కూడా ఇస్తారా అని. ఒప్పుకుంటే రెండో పాటదారు ఉత్తచేతులతో పోడు, మీకు రెట్టింపు వస్తుంది.

లెక్కలపుస్తకం:
పాట కంటే కాగితాల దగ్గరే ఎక్కువ దెబ్బతింటారు. నోటిమాటగా వచ్చిన ఆ 60కీ ఈ వారమే చీటీలు రాయించండి. వస్తువేమిటి, బజారు విలువ ఎంత, కూపనైతే ఎప్పటిదాకా చెల్లుతుంది, ఏ రోజుల్లో చెల్లదు, ఎవరు తెచ్చిస్తారు, సంతకం. కూపన్లకి ఏడాది గడువు అడగండి. మూడు నెలల కూపను కొన్నవాళ్లు వాడుకోలేక మీ మీదే నిష్ఠూరపడతారు. గోడగడియారం నడుస్తోందా లేదా అన్నది కాగితం మీద ఉండాల్సిందే. పాడైనదాన్ని పాడైందని చెప్పి అమ్మొచ్చు, దాచి అమ్మకూడదు.

బజారు విలువ రాయడానికి ఇంకో కారణం ఉంది. కొన్ని దేశాల్లో కొన్నవాళ్లకి పన్ను రాయితీ వచ్చేది విలువకి మించి ఇచ్చిన మొత్తం మీదే. విలువ రాసి లేకపోతే రశీదు పనికిరాదు. టికెట్లమ్మి చీటీ తీసి బహుమతి ఇచ్చే ఆలోచన ఉంటే మాత్రం అది వేలం కిందికి రాదు. చాలాచోట్ల లాటరీ చట్టం కిందికి వస్తుంది, అనుమతి కనుక్కోకుండా పెట్టకండి.

స్టేజీ పక్కన ఇద్దరు రాసేవాళ్లని కూర్చోబెట్టండి, ఒకరినొకరు చూసుకోకుండా రాయాలి: వస్తువు నంబరు, పాటదారు నంబరు, ధర. మూడు వస్తువులకోసారి పోల్చుకుని, సరిపోయిన చీటీని ఒకరు క్యాషియరు బల్లకి చేరవేయాలి. అన్నీ అయ్యాక ఒకేసారి పంపితే గెలిచినవాళ్లంతా ఒక్కసారిగా లైన్లో నిలబడతారు, సగంమంది రేపు కడతామని ఇంటికెళ్తారు. ఆ రేపు వసూలు చేయడం మహా కష్టం. 30, 40 మంది పాటదారులకి ఒక క్యాషియరు. వచ్చినప్పుడే పేరు, ఫోను, ఎలా కడతారో రాసుకుని నంబరు అట్ట ఇవ్వండి. గెలిచినవారు వెనక్కి తగ్గితే రెండో నంబరువారిని వాళ్లు పాడిన ధరకే అడగండి, అందుకోసం రాతపాట కాగితాలు పారేయకండి.

గడపదాటి:
డబ్బు సంగతి చెప్తాను. కరపత్రంలో రాసే ఒక్క వాక్యమే తర్వాత మిమ్మల్ని కట్టేస్తుంది. ఐక్యరాజ్యసమితి 1951 శరణార్థుల ఒప్పందం ప్రకారం శరణార్థి అంటే జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం కారణంగా హింసిస్తారన్న భయంతో స్వదేశం దాటి వచ్చినవారు. దేశం లోపలే ఇల్లు వదిలినవారు అందులోకి రారు. ఆశ్రయం కోరి నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నవారిని చాలా దేశాలు వేరేగా లెక్కిస్తాయి. మీరు "శరణార్థులకు" అని మాత్రమే రాస్తే, అన్నిటికన్నా ఇబ్బందిలో ఉన్న ఆ ఎదురుచూసే కుటుంబానికి ఇవ్వడానికి రేపు చిక్కొస్తుంది. ఈ మూడు రకాలవారినీ పేరుపెట్టి రాయండి. ఏ ఖర్చులకో, డబ్బు మిగిలితే ఎటు వెళ్తుందో కూడా రాయండి.

సొంతంగా కుటుంబాలను ఎంచి చేతికి ఇవ్వడం కన్నా, ఇప్పటికే వాళ్లతో పనిచేస్తున్న నమోదైన సంస్థతో ముందే రాతపూర్వకంగా ఒప్పుకోండి. ఏ ఇంటికి అద్దె బాకీ ఉందో, ఏ పిల్లకి కళ్లజోడు కావాలో వాళ్లకి తెలుసు. వేదిక దగ్గర పాత బట్టలు తీసుకుంటామని మాత్రం ప్రకటించకండి. ఏరడానికి, ఉతకడానికి, దాచడానికి మనుషులు, చోటు కావాలి. అక్కరకొచ్చేది అందులో కొంతే.

కుటుంబాలను పిలవండి, అతిథులుగా పిలవండి. స్టేజీ ఎక్కించి పడ్డ బాధలు చెప్పించొద్దు. ఫోటోలు, పేర్లు బయటికి వెళ్తే స్వదేశంలో మిగిలిన బంధువులకి ముప్పు రావచ్చు. హాల్లో ఎవరో సరదాగా తీసిన వీడియో చాలు దానికి. ఫోన్లతో ఫోటోలు తీయొద్దని తలుపు దగ్గర బోర్డు పెట్టి, మొదట్లోనే మైకులో చెప్పండి. వాళ్లలో ఎవరైనా చేసిన చేతిపనిని పాట పెట్టాలంటే, ముందే పూర్తి ధర ఇచ్చి కొని పెట్టండి. ఉచితంగా ఇవ్వమని అడిగితే కాదనలేరు. అయితే ఆశ్రయ దరఖాస్తు తేలనివారికి చాలాచోట్ల పనిచేసే హక్కు ఉండదు. మీరు ఇచ్చే డబ్బు వాళ్ల కేసుకే అడ్డు కావచ్చు, సంస్థ వకీలుని అడిగాకే ఇవ్వండి.

కొత్తకమిటీ:
చాలా ఉపయోగపడిందండీ, ముగ్గురికీ ధన్యవాదాలు. ఒకటే సందేహం. వస్తువు ఏదీ కొనని వాళ్ల దగ్గర నేరుగా విరాళం అడగడానికి వీలుంటుందా? ఎప్పుడు అడగాలి?

మూడోసారి:
తప్పకుండా. ఎక్కువ వచ్చేది కూడా చాలాసార్లు అక్కడే. స్టేజీ మీద నాలుగో వస్తువు అయ్యాక, అసలైన మంచి వస్తువు తీయకముందు అడగండి. చివర్లో అడిగితే సగం కుర్చీలు ఖాళీ.

విరాళానికి అయిదు మెట్లు పెట్టి, పెద్ద మొత్తం నుంచి చిన్నదానికి అడుగుతూ రండి: ఒక కుటుంబానికి ఇంటి అడ్వాన్సు, నెల అద్దె, పిల్లల బడి సామాను, దుప్పట్లు, ఒకరికి నెల బస్సు పాసు. ఈ ధరలు సంస్థని అడిగి నిజమైనవే పెట్టండి. పై మెట్టుకి ఒకరిని ముందే ఒప్పించి ఉంచండి. మొదటి పిలుపుకి ఒక్క చెయ్యీ లేవకపోతే హాలు చల్లబడుతుంది. కింది మెట్టు నుంచి పైకి వెళ్తే, పెద్ద మొత్తం ఇవ్వగలిగినవాళ్లు కూడా మొదటి మెట్టులోనే చెయ్యెత్తి బాధ్యత తీరిందనుకుంటారు.

అట్టలు లేచినప్పుడు ప్రతి నంబరూ మైకులో చదవాలి: "23, 41, 7." చదివేదాకా అట్ట దించొద్దని చెప్పండి. అట్టలు ఆగాక మనసులో అయిదు లెక్కపెట్టి అప్పుడే కింది మెట్టుకి దిగండి. ఆ మౌనాన్ని భరించలేక పాట నడిపేవారు తొందరపడతారు. ఆలోచించి లేచే చేతులు ఆ అయిదు లెక్కల్లోనే లేస్తాయి.