పిల్లలు ఆట ఆడుతున్నారు, డ్రింకు మాత్రం తాగడం లేదు. ఏం చేయాలి?

జావ కొట్టు, తిరుపతి
మధ్యాహ్నం అన్నం తిన్నప్పటి నుంచి దీంతోనే కూర్చున్నా. బుర్ర పనిచేయడం లేదు. పిల్లల కోసం మంచి డ్రింకులు చేసి అమ్ముతా ఉండా. రంగు లేదు, ఎసెన్సు లేదు. ఊరికే కప్పులు పెట్టుకుని కూర్చుంటే ఎవరొస్తారని ఆటలు పెట్టినాను. పెద్ద ఫ్లెక్సీ మీద వైకుంఠపాళి పటం అచ్చు వేయించినా. నిచ్చెనల కాడ రాగులు, క్యారెట్, మజ్జిగ చెంబు బొమ్మలు. పాముల నోట్లో కూల్ డ్రింకు సీసాలు. పిల్లలే పావులు, గళ్లలో గెంతుకుంటా పోతారు. రంగులేసే కాగితాలు వేరే ఉండాయి. పిల్లలు బాగా వస్తా ఉండారు, అరుస్తా నవ్వుతా ఆడతా ఉండారు. ఆట అయిపోతానే పక్కన అంగడికి పోయి సీసా తెచ్చుకుంటా ఉండారు. నా కాడ కప్పు తీసుకున్నోళ్లు కూడా రెండు గుక్కలు తాగి పెట్టేస్తారు. శనివారం మళ్లీ పెట్టాల. ఏ ఆట పెడితే తాగుతారో అనుభవం ఉండేవాళ్లు చెప్పండి. 'ఇన్‌స్టాలో రీల్ పెట్టండి' అని మాత్రం దయచేసి చెప్పొద్దు.

బైరాగిపట్టెడ
ఏం డ్రింకు? ఎంత వయసు పిల్లలు? ఎక్కడ పెట్టారు?

లేబుల్ చూడండి
అమ్మా, ముందు ఒక ముఖ్యమైన మాట. మీ ఫ్లెక్సీ మీద 'హెల్త్ డ్రింక్' అని ఉంటే ఆ మాట మీద ఈ రాత్రే కాగితం అంటించండి. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో గానీ, దాని కింద వచ్చిన నిబంధనల్లో గానీ 'హెల్త్ డ్రింక్' అనే రకమే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆన్‌లైన్ అమ్మకాల సైట్లకు ఇదే చెప్పింది. ఆ తర్వాత కేంద్ర వాణిజ్య శాఖ కూడా బోర్న్‌విటా లాంటి వాటిని ఆ వరుసలోంచి తీసేయమంది. హార్లిక్స్ అంతటిది కూడా ఆ పేరు వదులుకుని 'ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్' అయింది.

ఇంకొకటి. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో పిల్లల ప్రకటనలకు వేరే భాగమే ఉంది. 'ఇది కొనుక్కో' అని పిల్లలకు నేరుగా చెప్పకూడదు. 'మీ అమ్మను అడిగి కొనిపించుకో' అని కూడా చెప్పకూడదు. పిల్లలు మామూలుగా తినే సహజమైన, సంప్రదాయమైన ఆహారం కంటే మా సరుకు గొప్పదనే అభిప్రాయం కలిగించకూడదు. చిన్నపిల్లలకు ఆట ఏదో ప్రకటన ఏదో విడదీసుకునే వయసు కాదు. అందుకే ఆట పెట్టి అమ్మేవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

జావ కొట్టు, తిరుపతి
సార్, నేను అడిగింది లేబుల్ గురించి కాదు. అయినా చూసుకుంటా. రిజిస్ట్రేషన్ ఉంది, నంబరు ఫ్లెక్సీ మీదే వేసినా.
@బైరాగిపట్టెడ రాగి మాల్ట్, మజ్జిగ, క్యారెట్ బీట్రూట్ జ్యూస్. పిల్లలు నాలుగేళ్ల నుంచి పదేళ్ల దాకా ఉంటారు. మా కాలనీలోనే, సాయంత్రం పూట.

పలమనేరు రైతుబిడ్డ
అక్కా, రాగి మాల్ట్ అంటాండావు, మొలకలు కట్టినావా? మొలకెత్తించి ఎండబెట్టి వేయించి ఆడిస్తేనే మాల్టు. ఊరికే రాగిపిండి నీళ్లలో కలిపి ఉడకేస్తే అది జావ. రాత్రి కాచి పులియబెట్టి పొద్దున మజ్జిగ పోసుకుంటే అది అంబలి. ఈ మూడూ ఒకటే అని బయట బోర్డులు రాస్తాండారు, నాకు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మా అవ్వ వేసవి అంతా అంబలి తాగే పొలం పని చేసింది.

రేణిగుంట రోడ్డు
అన్నా, పేరు ఏదైతే ఏముంది? ఆమె అడిగింది ఆట గురించి.

పలమనేరు రైతుబిడ్డ
పేరు కోసం చెప్పలా తమ్ముడూ. ఉత్త పిండి జావ ఆరేకొద్దీ ముద్ద కడతది. మొలక పిండిలో ఆ బాధ ఉండదు. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే గుణం పిండిపదార్థాన్ని విరిచేస్తది, అందుకని జావ పల్చగా జారతా ఉంటది. ఇనుము కూడా ఒంటికి బాగా పడతది. అక్క ఏ పిండి వాడతాందో, ఎప్పుడు కాస్తాందో చెప్పలా.

జావ కొట్టు, తిరుపతి
మిల్లులో ఆడించిన మామూలు రాగిపిండే. మధ్యాహ్నం మూడుకు కాచి ఫ్లాస్కుల్లో పోసుకుంటా. ఆట ఆరున్నరకు మొదలుపెడితే ఏడున్నర దాకా సాగుతుంది. ఆట అయినాక కప్పుల్లో పోస్తా. బెల్లం బాగానే వేస్తా, పిల్లలు కదా.

బైరాగిపట్టెడ
నాలుగున్నర గంటల జావ. అందుకే రెండు గుక్కలు.

ఇద్దరు పిల్లల తల్లి
అక్కా, బెల్లం బాగానే అంటే ఎంత? మా చిన్నోడికి పళ్లు పుచ్చిపోయి డాక్టర్ దగ్గర తిరుగుతున్నాం, అందుకే అడుగుతున్నా.

జావ కొట్టు, తిరుపతి
కప్పుకు నాలుగు స్పూన్లు పడుతుంది. తక్కువేస్తే పిండి వాసన వస్తోంది అంటారు. బెల్లం మంచిదే కదా, చక్కెర కాదు కదా.

లేబుల్ చూడండి
నాలుగు స్పూన్లంటే దాదాపు 20 గ్రాములు. లెక్క చూడండి. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ చెప్పే శక్తి అవసరం రోజుకు 1360 కేలరీల దగ్గర. బయటి నుంచి చేర్చే తీపి మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 5 శాతం అంటే ఈ వయసు పిల్లలకు రోజంతటికీ 17 గ్రాములు. మీ కప్పు ఒక్కటే అంతా తినేస్తుంది. బెల్లంలో కొంచెం ఇనుము అదీ ఉంటుంది, కాదనను. కానీ ఈ లెక్కలో బెల్లం, తేనె, పళ్లరసం అన్నీ చక్కెరతో సమానమే. క్యారెట్ బీట్రూట్ జ్యూస్‌లో తీపి కలుపుతుంటే అదీ మానండి. పళ్లరసాల విషయంలో మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం రెండేళ్ల లోపు వద్దే వద్దని, ఐదేళ్ల దాకా రోజుకు 125 మిల్లీలీటర్లు మించొద్దని చెబుతోంది.

పలమనేరు రైతుబిడ్డ
అక్కా, ఆ పిండి వాసన పచ్చి పిండిది. మొలక కట్టి దోరగా వేయించి ఆడిస్తే కమ్మగా ఉంటది, బెల్లం సగానికి దించేయొచ్చు. రాగులు పగలంతా నానబెట్టు, రాత్రికి నీళ్లు వంచి తడిగుడ్డలో మూట కట్టు. మొలక తెల్లగా కనపడినాక నీడన ఆరబెట్టు. ఎండలో పెట్టినా పర్లేదు గానీ దుమ్ము పడకుండా చూసుకో. ఇప్పుడు మొదలుపెడితే శనివారానికి పిండి చేతికొస్తది.

బంగారుపాళ్యం తోట
అందరూ రాగులు రాగులు అంటున్నారు. చిత్తూరు జిల్లాలో పిల్లలకు డ్రింకు అంటే మామిడి గుజ్జు గుర్తు రాదా? 2025లో తోతాపురి ధర పడిపోయి రైతులు కాయలు రోడ్ల మీద పోసినారు. ప్రభుత్వం కిలోకి 12 రూపాయలు అని చెప్పింది, ఫ్యాక్టరీ 8 ఇస్తే తాము 4 కలుపుతామంది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల కొద్దీ వరుసలో నిలబడినాయి. మామిడి డ్రింకులో 10 శాతం పండు ఉంటే చాలని నిబంధన. మిగతాదంతా నీళ్లూ చక్కెరే. గుజ్జు ఎక్కువ వేయమని మేం అడుగుతానే ఉన్నాం. మీలాంటోళ్లు ఇంట్లో గుజ్జు వాడితే మాకూ మంచిది, పిల్లలకూ మంచిది.

లేబుల్ చూడండి
రైతు బాధ నిజం. కానీ గుజ్జు అయినా తీపి తీపే, కప్పు చిన్నదిగా ఉండాలి.

బంగారుపాళ్యం తోట
పండుకు, చక్కెర నీళ్లకు తేడా లేదంటారా? మా తోటకు వచ్చి ఒక కాయ తిని చెప్పండి.

లేబుల్ చూడండి
పండు తింటే పీచు ఉంటుంది, దానితో నాకు పేచీ లేదు. రసం తీసి వడకట్టినాక సంగతి వేరు.

బంగారుపాళ్యం తోట
గుజ్జు వడకట్టరు సార్. గుజ్జు వేరు, రసం వేరు.

బైరాగిపట్టెడ
ఆటలో పాఠం ఉంది. ముందు అది తీసేయండి.

జావ కొట్టు, తిరుపతి
పాఠం ఎక్కడుంది? అది వైకుంఠపాళి. చిన్నప్పటి నుంచి అందరం ఆడిందే.

బైరాగిపట్టెడ
ఆ పటంలో పిల్లలకు ఎక్కువ ఇష్టమైంది పాము. పాము మింగితేనే అందరూ అరుస్తారు, నవ్వుతారు. సరిగ్గా ఆ అరుపు దగ్గర మీరు కూల్ డ్రింకు సీసా పెట్టారు. ఆట మొత్తంలో వాళ్లకు గుర్తుండేది అదే. తర్వాత దాహం వేస్తుంది. అంగడికి వెళ్తారు.

జావ కొట్టు, తిరుపతి
ఇది నాకు తట్టలేదు. ఫ్లెక్సీకి అంత డబ్బు పోసినా...

బడి పంతులమ్మ
ఫ్లెక్సీ పారేయొద్దమ్మా, సీసా బొమ్మల మీద ఏ తోకచుక్క బొమ్మో కప్ప బొమ్మో అంటించండి. నేను ప్రభుత్వ బడిలో పనిచేస్తున్నాను. మా దగ్గర 2023 మార్చి 21 నుంచి మధ్యాహ్న భోజనంతో పాటు వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం మొదలైంది. మొదట్లో మా పిల్లలూ ముఖం తిప్పుకున్నారు. రాగుల్లో కాల్షియం ఎంత ఉందో బోర్డు మీద రాసి చెప్పాం. 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములని ఒప్పజెప్పారు, జావ మాత్రం తాగలేదు. తర్వాత ఐదో తరగతి పిల్లల చేతికి గరిటె ఇచ్చి చిన్నవాళ్లకు వడ్డించమన్నాం. వడ్డించేవాళ్లు ముందు తాగేవాళ్లు, వాళ్లను చూసి చిన్నవాళ్లు తాగేవాళ్లు.

మీరు ఆట ఒక పక్క, కప్పు ఒక పక్క పెట్టారు. ఆట అయిపోయాక కప్పు వస్తే అది పిల్లలకు ఆట అయిపోయిందని చెప్పే గంటలాగే ఉంటుంది. గుజ్జనగూళ్లు ఆడించండి. లక్కపిడతలు, చిన్న కుండలు, చేతికి పట్టే కవ్వాలు పెట్టండి. మజ్జిగ వాళ్లనే చిలకనివ్వండి. జీలకర్ర పొడి, ఉప్పు, కొత్తిమీర చిన్న గిన్నెల్లో పెట్టి వాళ్లకు కావాల్సింది వాళ్లను వేసుకోమనండి. ఒకళ్లు కొట్టు పెట్టాలి, ఒకళ్లు కొనుక్కోవాలి, చింతగింజలు డబ్బులు. తను చిలికిన మజ్జిగ తను తాగకుండా ఉండే పిల్లవాణ్ణి నేనింతవరకు చూడలేదు. వేడి జావ దగ్గరికి మాత్రం రానివ్వొద్దు. ముందు అందరి చేతులూ సబ్బుతో కడిగించండి.

రేణిగుంట రోడ్డు
పంతులమ్మ చెప్పింది బాగుంది. ఇంకొకటి. మన గంగమ్మ జాతరలో పిల్లలకు బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం వేస్తాం కదా. అంబలి కూడా పోస్తాం. మే నెలలో ఆ వారం వేషాల ఆట పెట్టి అంబలి ఇస్తే తిరుపతిలో ఏ ఇల్లూ కాదనదు.

తాతయ్యగుంట వీధి
జాతర వేషం మొక్కు. కప్పులు అమ్ముకోవడానికి వేయించేది కాదు. అంబలి అమ్మవారి పేరు మీద ఉచితంగా పోసేది. దాన్ని వ్యాపారంలోకి లాగొద్దు.

రేణిగుంట రోడ్డు
అమ్మమని నేనేమీ అనలేదన్నా. ఆ వారం ఉచితంగా పోసినా పిల్లలకు రుచి తెలుస్తుంది కదా.

తాతయ్యగుంట వీధి
ఉచితంగా పోస్తే నాకు అభ్యంతరం లేదు. స్టాల్ పేరు, ఫ్లెక్సీ అక్కడ ఉండకూడదు.

ఇద్దరు పిల్లల తల్లి
ఒక సందేహం. పిల్లల దగ్గర డబ్బులు ఎక్కడివి? మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలు కిందికి ఉత్త చేతులతో వస్తారు.

జావ కొట్టు, తిరుపతి
మా కాలనీలో కూడా అంతే. అంగట్లో ఇంటి పేరు మీద ఖాతా ఉంటుంది, పిల్లలు చెప్పి తీసుకుంటారు. నా దగ్గరైతే పైకి పోయి ఇరవై రూపాయలు తెచ్చుకోవాల. పైకి పోయినోళ్లు మళ్లీ దిగరు, హోంవర్క్ అని కూర్చోబెడతారు.

బైరాగిపట్టెడ
ఇది మొదటే చెప్పాల్సింది. పెద్దవాళ్లను కిందికి రప్పించండి. నెలకు కార్డు పెట్టండి. డబ్బులు తల్లిదండ్రుల దగ్గర ముందే తీసుకోండి, పిల్లల దగ్గర వద్దు. ఆట ఆరుకే మొదలుపెట్టండి.

లేబుల్ చూడండి
ఇది సరైన దారి. నిర్ణయం పెద్దవాళ్లది, ఆట పిల్లలది. కార్డు వెనక ఒక్కో కప్పులో బెల్లం ఎన్ని గ్రాములో అచ్చు వేయండి. దాచకుండా చెప్పే కొట్టును తల్లులు నమ్ముతారు.

జావ కొట్టు, తిరుపతి
వేస్తా సార్. మజ్జిగ మీద 'ఎండకు ఓఆర్ఎస్‌లా పనిచేస్తుంది' అని రాసి ఉంది, అది ఉండొచ్చు కదా?

లేబుల్ చూడండి
వద్దమ్మా, దయచేసి ఆ మాట తీసేయండి. తీపి డ్రింకుల మీద ఓఆర్ఎస్ పేరు వాడకూడదని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్ 14న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకాన్ని ఆపేసింది. విరేచనాలవుతున్న బిడ్డకు ఎవరైనా మీ బోర్డు చూసి మజ్జిగ ఒక్కటే పట్టి ఊరుకుంటే ప్రమాదం. 'ఉప్పు మజ్జిగ' అని రాయండి, అంతకంటే మంచి పేరు లేదు.

పలమనేరు రైతుబిడ్డ
అక్కా, రాగులు కావాలంటే చెప్పు, మా చేనువి ఉండాయి. మొలక పిండి తిరుపతి బస్సులో వేసి పంపిస్తా.

జావ కొట్టు, తిరుపతి
ఓఆర్ఎస్ మాట చెరిపేసినా. ఈ శనివారం మజ్జిగ, కవ్వాలు, కొట్టు ఆట. జావ మొలక పిండి వచ్చినాక పెడతా. చిన్న కవ్వాలు గాంధీ రోడ్డులో దొరుకుతాయా, లేకపోతే మాధవమాల కొయ్యబొమ్మల వాళ్లను అడగాలా? అందరికీ థాంక్స్, ఫ్లెక్సీ పని చూసుకోవాల.

బంగారుపాళ్యం తోట
మామిడి గుజ్జు సంగతి ఎవరూ తేల్చలేదు. సీజన్‌లో కావాల్సినవాళ్లు ఇక్కడే అడగండి.

ఇద్దరు పిల్లల తల్లి
అక్కా, గ్లాసులు స్టీలువా, పేపరువా? మా కాలనీలో కూడా ఒకసారి పెడతారా?