పడగొట్టిన ఇంటి సామాన్లు, రెండు నీలం డ్రమ్ములు: మిద్దె మీద ఏవి వాడొచ్చు?

అల్వాల్_మిద్దె అడిగారు:

మా పక్క ప్లాటులో పాత ఇల్లు తీసేస్తున్నారు. వాళ్లు ఇచ్చినవి: రంగు వేసిన టేకు దర్వాజాలు (తలుపు చట్రాలు) మూడు, రెండడుగుల షాబాద్ బండలు ఇరవై, సిమెంటు రేకులు ఆరు, పగుళ్లిచ్చిన 500 లీటర్ల నల్ల ట్యాంకు. ఇవి కాక పాత డ్రమ్ముల దుకాణంలో 200 లీటర్ల నీలం డ్రమ్ములు రెండు కొన్నాను. లేబుళ్లు చింపేసి ఉన్నాయి. మిద్దె 30 బై 20 అడుగులు. ఆకుకూరలు, టమాటా, బీర వెయ్యాలి, కూర్చోడానికి ఒక బెంచీ కావాలి. డ్రమ్ము నిలువుగా కొయ్యాలా, అడ్డంగానా? స్లాబు ఆ బరువు ఆపుతుందా? రేకుల్ని కోసి మడి చుట్టూ గోడలా నిలబెడదామనుకుంటున్నా, పర్లేదా?

నీలండ్రమ్ము జవాబు:

ముందు రేకుల సంగతి. మిగతావాటిలో తప్పు జరిగినా దిద్దుకోవచ్చు, ఇందులో కుదరదండీ. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ అనే రాతినార ఉందనే లెక్కలో ఉండండి. కొయ్యొద్దు, రంధ్రం వెయ్యొద్దు, విరిగిన చోట చీపురుతో ఊడ్వొద్దు. లేచే పోగులు కంటికి కనపడనంత సన్నవి, ఊపిరితిత్తుల్లో దిగితే అక్కడే ఉండిపోతాయి. వాటివల్ల వచ్చే క్యాన్సర్ బయటపడటానికి ఇరవై, ముప్పై ఏళ్లు పట్టొచ్చు. రేకుల్ని నీళ్లతో తడిపి, విరగకుండా దించి, మందపాటి పాలిథీన్‌లో రెండు చుట్లు చుట్టి టేపు వెయ్యండి. ఇటుక ముక్కల ట్రాక్టర్లో కలిపి పంపొద్దు. మునిసిపాలిటీ వాళ్లకు ఆస్బెస్టాస్ అని పేరు పెట్టి చెప్పి, ఎక్కడ ఇవ్వాలో అడగండి.

ఇక డ్రమ్ములు. లేబుల్ లేని డ్రమ్ములో తినే మొక్క పెట్టకండి, వెనక్కి ఇచ్చి మార్చుకోండి. నీలం డ్రమ్ము హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసింది. యాసిడ్, కాస్టిక్ లాంటివి దాని గోడలోకి పెద్దగా ఇంకవు, బాగా కడిగితే పోతాయి. థిన్నర్ లాంటి ద్రావకాలు, పురుగుమందులు, రంగుల తయారీలో వాడే రసాయనాలు మాత్రం ప్లాస్టిక్‌లోకే ఇంకుతాయి. ఎన్నిసార్లు కడిగినా నెమ్మదిగా మట్టిలోకి దిగుతూనే ఉంటాయి. వాసన రావట్లేదు కదా అంటే సరిపోదు, వాసన లేని మందులూ ఉన్నాయి. అడుగున అచ్చుపోసిన యూఎన్ అక్షరాలు చూసి మోసపోకండి. అవి డ్రమ్ము ఎంత గట్టిదో చెబుతాయి, లోపల ఏముందో చెప్పవు. లిక్విడ్ గ్లూకోజ్, వంటనూనె, వెనిగర్, సబ్బు ద్రవం లేబుల్ అతికి ఉన్నవి అడిగి తీసుకోండి. అరకిలో చాకలి సోడా 20 లీటర్ల వేణ్నీళ్లలో కలిపి, మూత బిగించి దొర్లించి, తర్వాత మూడు సార్లు మంచినీళ్లతో కడిగితే చాలు.

కోతకు జిగ్‌సా (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం), పెద్ద పళ్ల చెక్క బ్లేడు, తక్కువ స్పీడు. గ్రైండర్ పెడితే ప్లాస్టిక్ కరిగి బ్లేడు వెనకాలే మళ్లీ అతుక్కుంటుంది, అంచు ముళ్లు ముళ్లుగా తేలుతుంది. కోసిన అంచుకు పాత నీళ్ల పైపును నిలువునా చీల్చి తొడగండి, చేతులు తెగవు.

ఆకుకూరలకు నిలువు కోత. 93 సెంటీమీటర్ల పొడవు, 58 వెడల్పు, మధ్యలో 29 లోతు తొట్టె వస్తుంది. తోటకూర, పాలకూర, మెంతికి ఆ లోతు ధారాళం. టమాటా, బీరకు అడ్డకోత: 45 సెంటీమీటర్ల లోతు టబ్బు. నిలువు తొట్టెలో అందరూ మర్చిపోయేది ఒకటుంది. మట్టి నింపి నీళ్లు పోశాక రెండు వైపులా అంచులు బయటికి తెరుచుకుంటాయి, మధ్యలో మట్టి పగిలి నీళ్లు అంచు వెంటే జారిపోతాయి. నింపకముందే అంచుకు రెండంగుళాల కింద, మధ్యలో ఒక చోట ఎదురెదురుగా రంధ్రాలు వేసి, జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) రెండు పేటలు లాగి కట్టండి. తీగ ప్లాస్టిక్‌ను కొయ్యకుండా వాషర్ వెయ్యాలి.

నీళ్లు పోయే రంధ్రాలు 10 మి.మీ.వి ఆరు, అడుగున. లోపల పాత దోమతెర ముక్క పరవండి. గులకరాళ్ల పొర వద్దు. కంకర మీద మట్టి నీటిని పట్టుకునే కూర్చుంటుంది, వేరుకు అందే లోతు తగ్గుతుంది తప్ప లాభం లేదు.

స్లాబులెక్క జవాబు:

మనుషులు ఎక్కి తిరిగే డాబాకు ఐఎస్ 875 (కట్టడాల మీద బరువుల లెక్కకు భారత ప్రమాణం) రెండో భాగం ప్రకారం లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. దాన్ని పట్టుకుని చూడండి.

తేలికపాటి మట్టి మిశ్రమం తడిసినా లీటరుకు కిలో చుట్టుపక్కలే ఉంటుంది. ఉత్త ఎర్రమట్టి అయితే 1.7 కిలోల దాకా. నిలువు తొట్టెలో 100 లీటర్లు పడితే 100 కిలోలు, అది ఆక్రమించే చోటు 0.54 చదరపు మీటర్లు. అంటే తొట్టె కిందే చూస్తే చదరపు మీటరుకు 185 కిలోలు. రెండు తొట్టెల మధ్య ఒక తొట్టె వెడల్పు ఖాళీ వదిలితే సగటు 150 లోపే ఉంటుంది. టబ్బులు అలా కాదు: అదే 100 కిలోలు 0.26 చదరపు మీటరు మీద, అంటే చదరపు మీటరుకు 380 కిలోలు. వాటిని కింద బీములు, గోడలు ఉన్న గీత మీదే పెట్టండి. ఛజ్జా మీద, బాల్కనీ మీద ఒక్కటి కూడా వద్దు.

మీరు అడగని ప్రమాదం బండలు. ఒకంగుళం మందం, రెండడుగుల షాబాద్ బండ 24 కిలోలు. ఇరవై బండలు మిద్దె మీద ఒకే దొంతరగా పేరిస్తే ఆ నాలుగు చదరపుటడుగుల మీద 480 కిలోలు, చదరపు మీటరుకు దాదాపు 1,300. దొంతరను కింద నేల మీదే పేర్చండి. తొట్టె కింద ఇటుకలు పెట్టి మూడంగుళాలు లేపండి, నీళ్లు నిలవకుండా వాలు వెంట పోతాయి, స్లాబు ఆరుతుంది.

మిశ్రమం 100 లీటర్లకు: జల్లెడ పట్టిన ఎర్రమట్టి 30, కొబ్బరి పొట్టు 35, బాగా మాగిన పశువుల ఎరువు 35, వేపపిండి అరకిలో. నెలలో రెండంగుళాలు కుంగుతుంది, ఎరువుతో మళ్లీ నింపండి.

ముషీరాబాద్_వడ్రంగం జవాబు:

అన్నా, ఆ దర్వాజాల రంగు పొడిగ గీకకుండ్రి. ఇంట్లో వాడే పెయింట్లల్ల సీసం 90 పీపీఎం (పది లక్షల వంతులల్ల 90) దాటొద్దన్న రూలు అమలైంది 2017 నవంబర్‌ల. అంతకుముందు రంగుల సీసం ఉంటదనుకోవాలె. వాటర్ పేపర్ నీళ్లల్ల ముంచి రుద్దుండ్రి, కింద పాలిథీన్ పరిచి ఆ ముద్దంత మూటగట్టుండ్రి. చిన్నపిల్లలు ఆ దరిదాపుల ఉండొద్దు. రంగున్న ముక్కలు పొయ్యిల పెట్టొద్దు, కూరగాయల మడికి అసలే వద్దు. బెంచీకైతే మంచిగ పనికొస్తది.

సామిల్లుకు కొండబోయే ముందు అయస్కాంతం ఒకటి కట్టె మీద జరిపి చూడుండ్రి. తల విరిగిన మేకు లోపల్నే ఉంటది, పైకి కనవడదు, రంపం పళ్లు పోతయ్. పక్కకున్న హోల్డ్‌ఫాస్ట్‌లు (దర్వాజాను గోడకు పట్టే ఇనుప పట్టీలు), వాటికి పట్టిన కాంక్రీటు ముద్దలు ముందే తీసెయ్యాలె.

ఐదడుగుల బెంచీకి లెక్క ఇది, దర్వాజా కట్టె 4 బై 2.5 అంగుళాలు అనుకుని. ఏడడుగుల నిలువు కట్టెలు ఆరు వస్తయ్. నేలల పాతిన దిక్కు నాలుగంగుళాలు కోసి తీసెయ్యుండ్రి, అక్కడ చెదలు, తేమ ఉంటయ్. నాలుగు కట్టెలకెల్లి ఐదడుగులవి నాలుగు సీటుకు, మిగిలిన 20 అంగుళాల ముక్కలల్ల 13 అంగుళాల కాళ్లు నాలుగు. ఐదో కట్టెల 17 అంగుళాల అడ్డకట్టెలు రెండు. కాలు, అడ్డకట్టె, సీటు కలిపి 18 అంగుళాల ఎత్తు వస్తది. ఆరో కట్టెతోని కాళ్ల మధ్య బిగింపు. తలుపు కూసునే గాడి కిందికి రావాలె, పైకి పెడితే వానకు నీళ్లు నిలుస్తయ్.

పాత టేకు ఎండి ఉంటది, రంధ్రం వెయ్యకుండ స్క్రూ తిప్పితే పగులుతది. ఇనుప స్క్రూకు నల్ల మరక దిగుతది, స్టెయిన్‌లెస్ తీసుకోండ్రి, రాణిగంజ్‌ల దొరుకుతయ్. పైన అవిశెనూనె (లిన్‌సీడ్ ఆయిల్) రెండు పూతలు వెయ్యుండ్రి. నూనె తుడిచిన గుడ్డ ఉండ చుట్టి మూలకు పడెయ్యొద్దు, వేడెక్కి దానంతటదే అంటుకుంటది. దండెం మీద పరిచి ఆరబెట్టుండ్రి.

అల్వాల్_మిద్దె:

రేకులు ముట్టుకోను, డ్రమ్ములు రేపే మార్చుకుంటాను. బండలకు పాత సిమెంటు అంటి ఉంది, యాసిడ్‌తో కడగనా? నల్ల ట్యాంకును రెండుగా కోసి మడి చేద్దామా?

నీలండ్రమ్ము:

యాసిడ్ వద్దు. షాబాద్ బండ సున్నపురాయే, సిమెంటు కంటే ముందు బండే నురగ కక్కి గరుకైపోతుంది. బండను ఇసుక మీద పడుకోబెట్టి, ఉలిని ఏటవాలుగా పెట్టి సిమెంటును చిన్న చిన్న దెబ్బలతో లేపండి. ట్యాంకు మూత దగ్గర వేలెడు వెడల్పు పట్టీ కోసి రెండుగా మడవండి. వంగితే కొయ్యండి. పుటుక్కున విరిగినా, రుద్దితే తెల్లటి పొడి రాలినా ఎండకు ప్లాస్టిక్ చచ్చిపోయినట్టే, మట్టి బరువుకు ఒక ఎండాకాలంలో చీలుతుంది. అప్పుడు పాత సామాన్ల వాళ్లకు తూకానికి ఇచ్చెయ్యండి.