మోహాక్ లోయలోని కోట ఇళ్లు: చూసినవారి సలహా కావాలి

ఆల్బనీవాసి:
అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో న్యూయార్క్ సరిహద్దు రైతులు తలదాచుకున్న రాతి ఇళ్లను పిల్లలకు చూపించాలని అనుకుంటున్నాను. మాకు ఒక్క రోజే వీలవుతుంది కాబట్టి, ఆనాటి రక్షణ ఎలా సాగిందో ఎక్కడ బాగా తెలుస్తుందో దయచేసి చెప్పండి.

రాతిగోడ:
సెయింట్ జాన్స్‌విల్ దగ్గరి ఫోర్ట్ క్లాక్‌కు వెళ్లండి. 1750లో యోహానెస్ క్లాక్ కట్టుకున్న ఈ ఇల్లు నివాసంగానూ, బొచ్చు తోళ్ల వ్యాపారానికీ ఉపయోగపడేది. గోడల మందం దాదాపు రెండు అడుగులు. వాటిలో తుపాకులు పేల్చడానికి వదిలిన సన్నని కంతలను పిల్లలకు లోపలి వైపు నుంచే చూపించండి. నేలమాళిగలోని ఊటను మాత్రం తప్పక చూడాలి, ఎందుకంటే తలుపులు మూసుకున్నాక నీళ్ల కోసం ఎవరూ బయటకు పోనవసరం లేకుండా చేసింది అదే. 1780 అక్టోబరు 19న బ్రిటిష్ పక్షపు దాడి దళానికీ, అమెరికన్ సేనకూ మధ్య క్లాక్స్ ఫీల్డ్ పోరాటం ఈ పరిసరాల్లోనే జరిగింది.

పాతదారి:
రాతిగోడ గారు చెప్పింది నిజమే కానీ, ఈ కోటలు మనుషులను కాపాడాయే తప్ప పంటను కాపాడలేకపోయాయని పిల్లలకు చెప్పాలి. 1778 సెప్టెంబరులో, బ్రిటిష్ వారి పక్షాన పోరాడిన మోహాక్ నాయకుడు జోసెఫ్ బ్రాంట్ దళం ఈ లోయలోని జర్మన్ ఫ్లాట్స్ పల్లెల మీదికి వస్తోందని ఆడమ్ హెల్మర్ అనే అమెరికన్ వేగు పరుగున వచ్చి హెచ్చరించాడు. జనమంతా ఫోర్ట్ డేటన్, ఫోర్ట్ హెర్కిమర్‌లలోకి చేరడం వల్ల ప్రాణనష్టం చాలా తక్కువగా జరిగింది. బయట మాత్రం 63 ఇళ్లు, దాదాపు అన్నే కొట్టాలు, వాటిలోని ధాన్యంతో సహా కాలిపోయాయి. పిండారీల భయంతో మన తెలంగాణ ఊళ్లు కట్టుకున్న బురుజులకూ ఇదే పరిమితి ఉండేది. ఫోర్ట్ హెర్కిమర్‌లో భాగమైన రాతి చర్చి హెర్కిమర్ ఊరి దగ్గర ఇప్పటికీ నిలిచి ఉంది.

సీత_యుటికా:
హెర్కిమర్‌కు వెళితే షెల్ కుటుంబం కథ కూడా చెప్పండి. 1781 ఆగస్టులో క్రిస్టియన్ షెల్, అతని భార్య, కొడుకులు తమ దుంగల ఇంట్లో నుంచి బ్రిటిష్ పక్షపు దాడి దళంలోని సుమారు 60 మందిని చీకటిపడేదాకా ఎదిరించారు. భార్య తుపాకులు నింపి అందిస్తూనే, కంతల్లోంచి లోపలికి దూర్చిన శత్రువుల తుపాకీ గొట్టాలను గొడ్డలితో కొట్టి వంచేసింది. పొలంలో ఉన్న ఇద్దరు చిన్న కొడుకులు ముందే బందీలయ్యారు కనుక దీన్ని కేవలం గెలుపుగా చెప్పడం నాకు ఇష్టం లేదు. మరో మాట: 1779లో అమెరికన్ సేనాని సలివన్ సేన 40కి పైగా ఇరక్వాయ్ (మోహాక్‌లు కూడా ఉన్న స్థానిక తెగల కూటమి) గ్రామాలను, వాటి మొక్కజొన్న చేలను తగలబెట్టింది. రెండు వైపుల కాలిన ఇళ్లనూ కలిపి చెప్పకపోతే తర్వాతి దాడుల తీవ్రత పిల్లలకు అర్థం కాదు.

ఆల్బనీవాసి:
అందరికీ కృతజ్ఞతలు. ముందు ఫోర్ట్ క్లాక్, తర్వాత హెర్కిమర్ చర్చి చూస్తాం. స్కోహరీ లోయలో 1772 నాటి చర్చినే కోటగా మార్చారని, 1780 దాడిలో దానికి ఫిరంగి గుండు తగిలిన రంధ్రం నేటికీ కనిపిస్తుందని చదివాను. దాన్ని మరో ప్రయాణానికి ఉంచుకుంటాం.