గుంటూరు సివిల్ కోర్టు నుంచి ఆర్బిట్రేషన్ వైపు వెళ్లొచ్చా?

గుంటూరు జూనియర్:
అందరికీ నమస్కారం. సీనియర్ గారి దగ్గర మూడేళ్లుగా చేస్తున్నాను. ఎక్కువగా ఇంజంక్షన్లు, పార్టిషన్ సూట్లు. ఈ మధ్య ఒక రోడ్డు కాంట్రాక్టర్ బిల్లుల తగాదాలో క్లెయిమ్ స్టేట్‌మెంట్ రాసే పని నాకు అప్పజెప్పారు. రాత్రి రెండింటిదాకా కూర్చున్నా అలసట తెలియలేదు. కోర్టులో కాకుండా మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) ముందు తగాదా తేల్చుకునే ఈ ఆర్బిట్రేషనే నా దారి అనిపిస్తోంది. హైదరాబాద్ వెళ్లిపోవాలా? నాది తెలుగు మీడియం, ఇంగ్లీషు డ్రాఫ్టింగ్ అంటే టెన్షన్. నల్సార్ లా యూనివర్సిటీలో చదివిన వాళ్ల పక్కన నిలబడగలనా?

నరసరావుపేట అక్క:
తమ్ముడూ, నేనూ తెలుగు మీడియమే. పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఈ పనే చేస్తున్నాను. ఇంగ్లీషు సంగతి తర్వాత, ముందు ఎం.బి. (మెజర్‌మెంట్ బుక్, చేసిన పని కొలతలు రాసే పుస్తకం) చదవడం నేర్చుకో.

నా మొదటి కేసు ఒక కాలువ పని. కాంట్రాక్టరే ఆలస్యం చేశాడని బిల్లులో కోత పెట్టారు. నేను సెక్షన్లన్నీ బట్టీ పట్టి వెళ్లాను. ఆర్బిట్రేటర్ రిటైర్డ్ ఇంజినీరు. ఆయన అడిగింది ఒకటే: "సైటు మీకు ఏ తేదీన అప్పజెప్పారమ్మా?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి సైటు ఇంజినీరును కూర్చోబెట్టుకుని ఎం.బి., పనికి వచ్చిన అడ్డంకులు రాసే హిండ్రెన్స్ రిజిస్టరు, గడువు పెంచమని రాసిన ఉత్తరాలు అన్నీ తేదీల వరసన ఒక చార్టు మీద రాశాం. కొంత భూమి పదకొండు నెలలు ఆలస్యంగా చేతికొచ్చిందని అప్పుడు బయటపడింది. కోత నిలబడలేదు. ఇప్పటికీ ఏ ఫైలు వచ్చినా ముందు ఆ చార్టే వేస్తాను.

ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను, గడువులు. అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ తీర్పు, చేతికందిన నాటి నుంచి మూడు నెలల్లో దాన్ని కొట్టేయమని ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద కోర్టులో వెయ్యాలి. తగిన కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు, ఆపైన ఒక్క రోజు కూడా లేదు. ఒక క్లయింటు ఐదో నెలలో వచ్చాడు. అవార్డు ఆఫీసులో ఇన్‌వర్డు స్టాంపు వేయించుకుని బీరువాలో ఉండిపోయిందట. మంచి పాయింట్లున్న కేసు. ఏమీ చెయ్యలేకపోయాను, ఆ బాధ ఇంకా పోలేదు.

సివిల్ కోర్టును మాత్రం తక్కువ చెయ్యకు. నాకు సాక్షుల్ని క్రాస్ ఎగ్జామిన్ చెయ్యడం వచ్చింది నరసరావుపేటలో పొలం గట్టు తగాదాల్లోనే.

బెజవాడ ప్లీడరు:
ఊరు మారక్కర్లేదని నా అభిప్రాయం. కమర్షియల్ కోర్టుల చట్టం 2015లో వచ్చినప్పుడు కోటి రూపాయల పైబడిన తగాదాలకే. 2018లో దాన్ని మూడు లక్షలకు దించారు. విజయవాడలో కమర్షియల్ కోర్టు ఉంది, మిర్చి, పత్తి వ్యాపారుల తగాదాలూ వస్తాయి. హైదరాబాద్‌లో 2021లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ సెంటర్ పెట్టారు, నిజమే. కానీ అక్కడ జూనియర్‌కు ఇచ్చేదానితో అద్దె కట్టుకోవడం కష్టం. ఇంటి పరిస్థితి చూసుకో బాబూ.

గుంటూరు జూనియర్:
అక్కా, చార్టు మొదలుపెట్టాను. కానీ ఎం.బి. డిపార్ట్‌మెంటు దగ్గరే ఉంది, కాంట్రాక్టర్ దగ్గర కాపీ లేదు.

నరసరావుపేట అక్క:
రేపే ఆర్టీఐ పెట్టించు. వాళ్లు ఇచ్చేదాకా ఆగకుండా, ఎం.బి. హాజరుపరచమని ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్‌లో కూడా అప్లికేషన్ వెయ్యి. ఏ పుస్తకం, ఏ పేజీలు అన్నది రన్నింగ్ బిల్లు (పని జరుగుతుండగా పెట్టే బిల్లు) మీదే ఉంటుంది చూడు, ఆ నంబర్లతో సహా అడుగు.