పెట్టెలోనే ఉండిపోయిన పాత చిత్రిక, ఉలులు: పనికి వాడచ్చా, దాచి పెట్టాలా?

కొత్తచేయి (చిత్తూరు)

చిత్తూరులో ఒక పాత ఇనుప సామాన్ల అంగడి మూసేస్తా ఉంటే, అటక మీది సరుకు మొత్తంగా తీసుకున్నాం. ఒక్కటి కూడా పనికి ఎక్కినట్టు లేదు.

రికార్డ్ కంపెనీ 04 నంబరు ఇనుప చిత్రిక (చెక్కను పొరలుగా తీసి నున్నగా చేసేది): అట్టపెట్టె, లోపలి కాగితం అన్నీ ఉండాయి. కత్తికి సాన తగల్లేదు. ఒళ్ళంతా గట్టిపడిన గ్రీజు, మడమ వైపు అంగుళం మేర తుప్పు.
మార్పుల్స్ కంపెనీ ఉలులు నాలుగు: పావు, అర, ముప్పావు, ఒక అంగుళం. బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్క పిడులు, అలుగు మీద పసుపు వార్నిష్.
చేతి బ్రేస్ (చేత్తో తిప్పి చెక్కకు రంధ్రం వేసేది) ఒకటి, దానికి బిగించే మెలికల ఆగర్ బిట్లు: 4, 6, 8, 10, 12, 16 అని నంబర్లు కొట్టుండాయి.
కాగితంలో చుట్టిన ఆకురాళ్ళు ఒక డజను.

టేకు, వేప, చింత చెక్కతో చిన్న పనులు చేస్తాం. వాడితే విలువ పోతుందా? వాడేటట్టయితే ముందు ఏం చేయాల?

సానరాయి (తిరుపతి)

అన్నా, ఇంకా ఏదీ తుడవలేదు కదా? వాడాలా, దాచాలా అనే తీర్మానం అయ్యాకే గుడ్డ పట్టండి. సాన తగలని అంచు, పెట్టె, చీటీ, కాగితం: ఒకసారి పోతే మళ్ళీ రానివి ఇవే. వాడని సరుకు అని ఎక్కువ ధర ఇచ్చేది వీటికే.

ఉలులు, బ్రేస్, ఆకురాళ్ళ గురించి ఆలోచించే పనే లేదు, వాడండి. చిత్రిక సంగతి కొంచెం వేరు. రికార్డ్ కంపెనీ షెఫీల్డ్‌లో 1931 నుంచి చిత్రికలు చేసింది, అమెరికాలో స్టాన్లీ చేసిన బెయిలీ నమూనా మీదనే. అన్నిట్లోకీ ఎక్కువగా అమ్ముడయింది ఈ 4వ నంబరు సైజే. అంటే ఇది అరుదైన పనిముట్టు కాదు, మీ దగ్గరున్న అరుదైన సంగతి ఆ పెట్టె మాత్రమే. ఇంకో ఇనుప చిత్రిక ఉంటే దీన్ని అట్లనే పెట్టేయండి. లేకపోతే వాడుకోండి.

మధ్యేమార్గం కూడా ఉంది. అసలు కత్తిని విప్పి, నూనె కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టేసి, 2 అంగుళాల వెడల్పున్న వేరే కత్తి వేసుకోండి. అది పాత కత్తి మందమే, అంటే సుమారు 2 మిల్లీమీటర్లు ఉండేట్టు చూసుకోండి. 3 మిల్లీమీటర్ల కత్తి వేస్తే నోట్లో (అడుగున కత్తి బయటికొచ్చే సందులో) పట్టదు, లోతు సర్దే మీట కూడా పై రేకు (కత్తి మీద బిగించే రేకు) గాడిని సరిగ్గా అందుకోదు. దానికోసం నోరు ఆకురాయితో పెద్దది చేశారంటే చిత్రిక పాడైనట్టే.

చెక్కపొట్టు (రేణిగుంట)

చిత్రిక వాడేటట్టయితే ఇట్ల చేయండి.

గ్రీజును గోకొద్దు, వేడి గాలి పెట్టొద్దు, నీలం ఎనామిల్ పెచ్చులు లేస్తుంది. వెనక పిడి, ముందరి గుండు విప్పి పక్కన పెట్టండి, వాటి పాలిష్‌కు ద్రావకం తగలకూడదు. మిగతాదాన్ని కిరోసిన్‌లో గానీ, పెయింట్ అంగట్లో దొరికే టర్పెంటైన్‌లో గానీ తడిపిన గుడ్డతో చుట్టి రాత్రంతా ఉంచితే గ్రీజు మెత్తబడుతుంది. పొద్దున టూత్‌బ్రష్‌తో తీసేయచ్చు.

తుప్పుకు చింతపండు పులుసు, వెనిగర్ అని ఎవరైనా చెప్తే వినొద్దు. పులుపు తుప్పు దగ్గర ఆగదు, కింద ఉన్న మంచి పోత ఇనుమును కూడా తిని బూడిదరంగు గరుకు మిగులుస్తుంది. కుట్టుమిషన్ నూనె పూసి 0000 స్టీల్ ఊల్‌తో (బాగా సన్నటి ఉక్కు పీచుతో) రుద్దండి. మడమ వైపు చిన్న గుంటలు మిగిలినా పనికి అడ్డం కాదు, నోటి అంచున ఉంటేనే కష్టం.

నోటి మూలలు, పక్క గోడలు, పిడి కూర్చునే చోటు వెలుతురులో చూడండి. అటక మీంచి ఎప్పుడైనా పడుంటే పగులు అక్కడే వస్తుంది. పగులుంటే మిగతా శ్రమ దండగ.

అడుగు చదును చూడటానికి స్టీల్ స్కేలు నిలబెట్టి 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ (సందు కొలిచే పలచటి రేకు) దూర్చండి. ముందు కొస, నోటికి ముందరి అంచు, మడమ, ఈ మూడూ ఒకే మట్టంలో ఉంటే చాలు, మధ్యలో పల్లం ఉన్నా పర్లేదు. నోటి ముందర పల్లం ఉంటే మాత్రం చెక్కను అదిమి పెట్టేది ఏమీ ఉండదు, నార లేచిపోతుంది. సరిచేయాలంటే గ్రానైట్ ముక్క కావాల. కుప్పం వైపు కోత ఫ్యాక్టరీల దగ్గర తెగిన ముక్కలు ఉంటాయి. పాలిష్ ఉన్నంత మాత్రాన చదును అనుకోవద్దు, నిలువు, అడ్డం, ఐమూల స్కేలు పెట్టి చూసుకోండి. దాని మీద 120 నంబరు గరుకు కాగితం అంటించి, అడుగున మార్కర్ గీతలు గీసి రుద్దండి. కత్తి లోపలే ఉండాల, కానీ అంచు బయటికి రాకుండా పైకి లాగి, లివర్ క్యాప్ (కత్తిని పైనుంచి అదిమి పట్టే మూత) పనిలో ఎంత బిగిస్తారో అంత బిగించాల. ఆ బిగువుకు ఇనుప ఒళ్ళు కొంచెం వంగుతుంది, ఖాళీగా రుద్దితే బిగించాక చదును మారుతుంది. ఆ మూడు చోట్లా గీతలు చెరిగిపోతే ఆపేసి, 220తో ముగించండి.

పై రేకు కొస కత్తి మీద వెలుతురు దూరకుండా కూర్చోవాల. కత్తి అంచు నుంచి ఎడం: టేకు పైపైన తీసేదానికి ఒకటిన్నర మిల్లీమీటరు, నార అటూ ఇటూ తిరిగే వేప, చింతలకు అర మిల్లీమీటరు లోపు.

ఉలిపిడి (శ్రీకాళహస్తి)

ఆ పసుపు వార్నిష్ ఫ్యాక్టరీలో తుప్పు రాకుండా పూసింది. థిన్నర్‌తో తీయకుండా సాన పడితే రాయి గాళ్ళు పూడుకుపోతాయి.

ఉలి వీపు మొత్తం చదును చేయనక్కర్లేదు, అంచు నుంచి అంగుళం మేర అద్దంలా అయితే చాలు. ఏటవాలు 25 డిగ్రీలకు ఉంచి, అంచు మాత్రం 30 డిగ్రీలకు 1000 నంబరు సానరాయి మీద పట్టండి. వెనక వేలికి బర్ (అంచున లేచే సన్నటి గరుకు) తగిలాక 4000 లేదా 6000 రాయి, ఆపైన తోలు. చింత చెక్కకు 35 డిగ్రీలు పెట్టండి, 30కి అంచు పలుకులు లేస్తుంది. కొత్తలో పదును నిలవకపోతే ఉక్కు మంచిది కాదని పక్కన పడేయొద్దు. ఫ్యాక్టరీ గ్రైండింగ్ వేడికి కొసన ఒకటి రెండు మిల్లీమీటర్లు దెబ్బతినుంటుంది, అది అరిగాక అసలు ఉక్కు వస్తుంది.

కరెంటు సాన మీద అంచు నీలం తిరిగితే సుమారు 300 డిగ్రీలు తగిలినట్టు, అక్కడ గట్టితనం పోతుంది. ఆ నీలం మొత్తం అరగదీస్తే తప్ప బాగుపడదు. వేలికి వెచ్చన తెలిసిన వెంటనే నీళ్ళలో ముంచండి.

బాక్స్‌వుడ్ పిడిని ఇనుప సుత్తితో కొట్టొద్దు, కొయ్య సుత్తి వాడండి. పిడి ఎండిపోయుంటే ఉడికించిన అవిసె నూనె పలచగా పూయండి. తుడిచిన గుడ్డను మాత్రం ముద్దగా పడేయొద్దు, తనంతట తానే అంటుకుంటుంది. విప్పి ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్ళలో వేయండి.

ఒక మాట: మాధవమాల తరహా చెక్క బొమ్మల పనికి ఈ ఉలులు సరిపోవు. దానికి గుండ్రని అంచు ఉలులు వేరుగా కావాల.

కొత్తచేయి (చిత్తూరు)

చాలా థ్యాంక్సన్నా. కత్తి మార్చి చిత్రిక వాడతాం. బిట్ల నంబర్లు మిల్లీమీటర్లా? ఆకురాళ్ళ మీద కూడా అక్కడక్కడ తుప్పు ఉంది.

సానరాయి (తిరుపతి)

మిల్లీమీటర్లు కాదు, అంగుళంలో పదహారో వంతులు. 8 అంటే అర అంగుళం, 16 అంటే పూర్తి అంగుళం. ఈ బిట్ల తోక నాలుగు పలకలుగా ఉంటుంది, బ్రేస్ దవడలు దానికోసమే చేసినవి. గుండ్రని డ్రిల్ బిట్ వేస్తే జారుతుంది. పదును తగ్గితే సన్నటి ఆకురాయితో పక్క ముళ్ళను లోపలి వైపే, కోసే పెదవులను పై వైపే రుద్దండి. ముళ్ళను బయటి వైపు రుద్దితే బిట్ తన రంధ్రంలోనే ఇరుక్కుంటుంది. కొసన ఉన్న మర శుభ్రంగా లేకపోతే బిట్ చెక్కలోకి లాక్కోదు, ఇత్తడి బ్రష్‌తో తీయండి.

తుప్పు పట్టిన ఆకురాయికి పళ్ళ మొనలు పోయుంటాయి, వాటిని ముతక పనికి వేరుగా పెట్టండి. మంచివాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా విడివిడిగా కాగితంలో చుట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానల్లో నెలకోసారి తీసి చూడాల. వేరుశనగ నూనె, కొబ్బరి నూనె దేనికీ పూయొద్దు, కొన్నాళ్ళకు జిగురవుతుంది.