కర్నూలు: బడికి సేఫ్టీ ప్లాన్ రాయమని నా నెత్తిన పెట్టినారు, యాడ మొదలుపెట్టాలప్పా?

హంద్రీ_ఒడ్డు:

అందరికీ నమస్తే. మాది కర్నూలు, పిల్లోడు 8వ తరగతి, ప్రైవేటు స్కూలు, పేరు వద్దులే. పోయిన వారం బడి వదిలినాక గేటు బయట 9, 10 తరగతుల పిల్లోళ్ళు కొట్టుకున్నారు. ఇన్‌స్టాలో ఒకడు ఇంకొకడి ఫోటో కింద ఏందో రాసినాడంట, దానికే. ఒక పిల్లోనికి బెల్టు బకిల్ తగిలి కనుబొమ్మ మీద మూడు కుట్లు పడినాయి, ఇంచు కిందికి తగిలింటే కన్నే పోయేది. ఆ టైములో గేటు కాడ వాచ్‌మన్ ఒక్కడే, పెద్దాయన, పాపం విజిల్ ఊదుతా నిలబడినాడంట, ఆఖరికి ఆటోవాళ్ళు పోయి విడిపించినారు.

తర్వాత పేరెంట్స్ మీటింగ్ పెట్టినారు. ఇంకో ఎనిమిది సీసీ కెమెరాలు పెడతాం, ఫైర్ సిలిండర్లు కొత్తవి తెస్తాం అన్నారు మేనేజ్‌మెంట్ వాళ్ళు. నా నోరు ఊరికే ఉండదు కదా, "సార్ కెమెరా కొట్లాటను చూస్తాది గానీ ఆపదు కదా" అంటి. అంతే, అయితే మీరే ఒక ప్లాన్ రాసుకోని రాండి అన్నారు. నేను ట్రాక్టర్ స్పేర్ పార్ట్స్ అంగడోన్ని, నాకు ప్లాన్లు ఏం తెలుసు? నెట్‌లో చూస్తే అన్నీ నలభై యాభై పేజీల పీడీఎఫ్‌లు, ఈ కమిటీ ఆ కమిటీ, చదివేకొద్దీ నిద్రొస్తాంది.

బిల్డింగు రెండంతస్తుల పైకి ఉండాది, 600 మంది పిల్లోళ్ళు. మెట్లు రెండు పక్కలా ఉండాయి గానీ ఒక పక్క జాలీ గేటుకు ఎప్పుడూ తాళమే, పిల్లోళ్ళు ఎగ్గొట్టి పోతారని. తెరిచుండే మెట్ల కింద జనరేటర్ డీజిల్ క్యాన్లు, ఇరిగిపోయిన బెంచీలు. తెలిసినోళ్ళు ఎవరన్నా ఉంటే రెండు ముక్కలు చెప్పండి.

---

బడిగంట_అనంతపురం:

తమ్ముడూ, నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో హెచ్ఎంగా చేసి రిటైర్ అయినోన్ని. ఆ పీడీఎఫ్‌లు పక్కన పెట్టు. ఒక రోజు పొద్దున పోయి గేటు నుంచి పై అంతస్తు ఆఖరి గది దాకా నడువు, నోటుపుస్తకం ఒకటి చేతిలో పెట్టుకో. యాడ తాళం ఉంది, ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, ఆ మనిషి రాని రోజు ఎవరి దగ్గర ఉంటాది, ఇదొక్కటి రాసుకొస్తే సగం ప్లాన్ అయినట్టే. మా బడిలో ఒకసారి ల్యాబ్ గదిలో పొగ వచ్చింది, పెద్దది ఏం కాదు, వైరు కాలింది. తాళంచెవి అటెండర్ జేబులో, అటెండర్ బ్యాంకులో. కిటికీ అద్దం పగలగొట్టి లోపలికి పోయినాం.

ఇంకోటి, అందరూ ఫైర్ డ్రిల్ ఫైర్ డ్రిల్ అంటారు, అంటే బెల్ కొట్టంగానే బయటికి పరిగెత్తడం అనుకుంటారు. మన పక్క బడుల్లో నేను ఎక్కువ చూసింది నిప్పు కాదు, తేనెటీగలు. చెట్టుకో ట్యాంకుకో తుట్టె ఉంటాది, ఎవడో రాయేస్తాడు. అప్పుడు గ్రౌండులో ఉండే పిల్లోళ్ళు లోపలికి రావాల, తలుపులు కిటికీలు మూయాల. పిచ్చికుక్క జొరబడినా అంతే, గేటు కాడ తాగి గొడవ చేసేటోళ్ళు వచ్చినా అంతే. అందుకే నేను రెండు గంటలు పెట్టినా. ఆపకుండా గణగణ కొడితే బయటికి, మూడు మూడు కొట్టి ఆపితే లోపలికి. కరెంటు బెల్లు నమ్ముకోవద్దు, కరెంటు పోయినప్పుడే ఏదో ఒకటి అవుతాది, ఇత్తడి గంట ఉండాల.

బయటికి వచ్చినాక యాడ నిలబడాల అనేది కూడా చూసుకో. అనంతపురం ఎండలో అర్ధగంట గ్రౌండు మధ్యలో నిలబెడితే నిప్పు కంటే ముందు వడదెబ్బకు పడిపోతారు. చెట్టు నీడ ఉండాల, పైన కరెంటు తీగెలు ఉండకూడదు, ఫైరింజను వచ్చే దారికి అడ్డం కాకూడదు. ప్రతి టీచరు హాజరు పట్టీ చేతిలో పట్టుకోని దిగాల. పట్టీ క్లాసులో వదిలేస్తే ఎవరు మిగిలిపోయినారో ఎట్ల తెలుస్తాది?

ఎన్‌డీఎంఏ, అంటే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ళు 2016లో బడుల భద్రత మీద గైడ్‌లైన్స్ ఇచ్చినారు, వాటిలో పిల్లలతో కలిసి ప్లాన్ చేయమని ఉంది. అది మటుకు నిజం. ఏ గోడ దూకుతారో, ఏ మూల కొట్టుకుంటారో వాళ్ళకు తెలిసినంత మనకు తెలీదు.

---

సీమ_తిక్కోడు:

అయ్యేపని కాదు లేప్పా. ఈ డ్రిల్లులు గిల్లులు ఫోటోలకే. మా కాలంలో పీఈటీ సారు వెదురు బెత్తం పట్టుకోని గేటు కాడ నిలబడితే ఒక్కడు నోరెత్తేటోడు కాదు. ఇప్పుడు పిల్లోన్ని తాకితే కేసు, ఇంక కొట్టుకోక ఏం చేస్తారు? బెల్టులు తీసేయించి రెండు తగిలించండి, అదే ప్లాను.

---

ప్రొద్దుటూరు_అమ్మ:

తిక్కోడన్నా, ఆ బెత్తం కథ మా ఇంట్లో కూడా చెప్తారు, మా ఆయన. మా వోన్ని 6లో ఉన్నప్పుడు ఒక సారు మోకాలి మీద కొట్టినాడు, ఇంగ్లీషు పోయెం రాలేదని. వాడు ఇంటికొచ్చి నాకు చెప్పలేదు, చెల్లెల్ని కొట్టినాడు. రెండు రోజులు అడిగి అడిగి నేనే బయటికి లాగినా. కొట్టేది బడిలోనే నేర్పించి గేటు బయట కొట్టుకోవద్దు అంటే ఎట్లన్నా?

2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్‌లోనే ఉంది, పిల్లల్ని కొట్టకూడదు, మనసు కష్టపడేట్టు చేయకూడదు అని. అడిగితే మీ పిల్లోనికి టీసీ ఇచ్చేస్తాం అన్నట్టు మాట్లాడతారు కొన్ని చోట్ల, అది వేరే సంగతి.

హంద్రీ గారూ, మీరు రాసే దాంట్లో ఈ ముక్క పెట్టండి: పిల్లోళ్ళు తమకు భయమైంది ఎవరికి చెప్పాల? క్లాస్ టీచర్ అని రాసేస్తారు, క్లాస్ టీచరే కొడితే? ఒక ఆయా అయినా పర్లేదు, లైబ్రరీ మేడమ్ అయినా పర్లేదు, పిల్లోళ్ళు నమ్మేటోళ్ళు ఇద్దరు ఉండాల, అందులో ఒకరు ఆడమనిషి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు బాత్రూము తలుపు లోపలి పక్క అంటించండి, నోటీసు బోర్డు మీద వద్దు. బోర్డు ముందర నిలబడి ఆ నంబరు రాసుకునే ధైర్యం ఏ పిల్లకు ఉంటాది?

---

ఎర్రబండి_కడప:

ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో చేసి దిగినోన్ని. మెట్ల కింద డీజిల్ అని చదివినప్పటి నుంచి నాకు నిలకడ లేదు. ముందు ఈ రోజే అవి తీపిచ్చు తమ్ముడూ, ప్లాను తర్వాత రాసుకో. మెట్లు పొగగొట్టం మాదిరి పని చేస్తాయి, కింద అంటుకుంటే పొగ మొత్తం పైకే పోతాది, దిగే దారీ అదే. మంట కంటే ముందు పొగే మనిషిని పడేస్తాది. పిల్లోళ్ళకు వంగి నడవడం నేర్పించాల, పొగ పైన ఉంటాది, గాలి కింద ఉంటాది.

తమిళనాడులో కుంభకోణం బడి సంగతి గుర్తుంది కదా. 2004 జులై 16. వంటింట్లో మొదలైన మంట ఆకుల కప్పుకు అంటుకుంది, ఇరుకు మెట్లు, 94 మంది పిల్లలు పోయినారు. దాని తర్వాతనే కదా సుప్రీంకోర్టు 2009లో దేశంలో బడులన్నిటికీ ఫైర్ సేఫ్టీ ఉండాల్సిందే అని తీర్పు ఇచ్చింది. ఇంకోటి ఎవరికీ గుర్తుండదు, హర్యానాలో డబ్వాలీ, 1995 డిసెంబర్ 23, బడి యానివర్సరీ. షామియానాకు నిప్పు అంటుకోని 400 మందికి పైగా పోయినారు. మనం కూడా యానివర్సరీకి షామియానా కట్టి, స్టేజీకి సీరియల్ లైట్లు చుట్టి, ఒకటే దారి పెట్టి, దానికి అడ్డం చీఫ్ గెస్టు కారు పెడతాం. ఆ రోజుకు కూడా ప్లాన్ ఉండాల.

సిలిండర్ల గురించి. ఆరు కేజీల పౌడరు సిలిండర్ పట్టుమని 20 సెకన్లు కూడా రాదు. అది చిన్న మంటకే, పెద్దదయితే పిల్లోళ్ళను తీసుకోని దిగడమే. గేజి ముల్లు పచ్చ గీతలో ఉందా చూడు. పిన్ను పీకి, మంట అడుగున కొట్టాల, పైన ఎగిసే నాలికల మీద కాదు. ఇది వాచ్‌మన్‌కు, ఆయాలకు, బస్సు డ్రైవర్లకు చేయించి చూపించు, సార్లకంటే ముందు వాళ్ళే ఉంటారు అక్కడ. దగ్గర ఫైర్ స్టేషన్‌కు ఒక లెటర్ పెట్టుకుంటే వచ్చి చూపిస్తారు.

ఆ జాలీ గేటుకు తాళం తీసేసి లోపలి నుంచి లాగితే వచ్చే గడియ పెట్టించండి. ఎగ్గొట్టి పోతారు అంటే అక్కడొక మనిషిని పెట్టుకోవాల గానీ 600 మందిని లోపల పెట్టి తాళం వేస్తారా?

---

కడపోడు_డల్లాస్:

అన్నా, మా పాప ఇక్కడ అమెరికాలో 5వ గ్రేడు. వీళ్ళకు లాక్‌డౌన్ డ్రిల్ ఉంటాది, లైట్లు ఆర్పి తలుపు లాక్ చేసి మూలకు కూర్చోబెడతారు. ఫస్ట్ టైమ్ పాప ఇంటికొచ్చి చెప్పినప్పుడు నాకు అన్నం దిగలేదు. మనకు ఆ తుపాకుల గొడవ లేదు, అది కాపీ కొట్టమని చెప్పడంలే. పని కొచ్చేది వేరే ఉంది.

1999లో కొలంబైన్ స్కూల్లో కాల్పులు అయినాక, వీళ్ళ సీక్రెట్ సర్వీసు, ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంటు కలిసి పాత సంఘటనలు 37 తీసి చూసినారు, 1974 నుంచి 2000 దాకా జరిగినవి. 2002లో రిపోర్టు వచ్చింది. నూటికి 81 కేసుల్లో ఆ పిల్లోడు చేయబోతున్నాడని ముందే కనీసం ఒక్కరికన్నా తెలుసంట, ఎక్కువగా ఫ్రెండ్సుకో తోటి పిల్లోళ్ళకో. పెద్దోళ్ళకు చెప్పినోళ్ళు మాత్రం చాలా తక్కువ. ఇంకోటి, ఇట్లాంటోడు ఇట్లుంటాడు అని ఒక గుర్తు పెట్టి చెప్పలేం అని కూడా తేల్చినారు. అంటే ఫలానా వీధోడు, ఫలానా కులమోడు, లాస్ట్ బెంచోడు అని ముందే ముద్ర వేస్తే లాభం లే, ఏం మాట్లాడుతున్నాడు ఏం చేస్తున్నాడు అనేదే చూడాల.

మీ బెల్టు గొడవ గురించి అడిగి చూడండి, ఆ రోజు మధ్యాన్నానికే సగం క్లాసుకు తెలిసుంటాది. "సాయంత్రం గేటు కాడికి రా" అనేది గుట్టుగా జరిగేదా? ఆ మాట స్టాఫ్ రూముకు ఎందుకు రాలేదు అనేది మీ ప్లాన్‌లో మొదటి ప్రశ్న.

---

హంద్రీ_ఒడ్డు:

డల్లాసన్నా, నువ్వు చెప్పినట్టే ఇంట్లో మా వోన్ని అడిగినా. వానికి తెలుసు! రెండో పీరియడ్‌కే తెలుసంట, వీడు 8వ తరగతి, వీనికేం సంబంధం, అయినా తెలుసు. ఎందుకు చెప్పలేదురా అంటే "చెప్తే చాడీలోడు అంటారు నాన్నా, ఇంకా సారు అసెంబ్లీలో నా పేరు చెప్తాడు" అన్నాడు. పోయిన ఏడు ఒక పిల్లోడు సిగరెట్ల సంగతి చెప్తే నిజంగానే స్టేజి మీదికి పిలిచి చప్పట్లు కొట్టించినారంట. మెచ్చుకోవడమే అనుకున్నారు సారువాళ్ళు. ఆ పిల్లోడు మరుసటి నెల బడి మారినాడు.

ఎర్రబండన్నా, డీజిల్ క్యాన్లు తీపిచ్చినా, వెనక రేకుల షెడ్డులోకి. బెంచీలు ఇంకా అక్కడే ఉండాయి, పాత ఇనుము వాడు రేటు తెగడంలే.

రెండు సందేహాలు. ఒకటి, ఏదన్నా అయినప్పుడు పేరెంట్స్ అంతా గేటు మీదికి వచ్చి పడతారు, అప్పుడెట్ల? రెండోది అడగడానికి కూడా ఇబ్బందిగా ఉంది, ఆడపిల్లల విషయంలో ఏదన్నా కంప్లయింట్ వస్తే బడిలోనే మాట్లాడి సర్దేస్తాం అంటున్నారు మేనేజ్‌మెంట్, పరువు అంటా. అది రాయొచ్చునా?

---

బడిగంట_అనంతపురం:

రెండోది ముందు. రాయొద్దు, చేయనీయొద్దు. పిల్లల మీద లైంగిక నేరాలకు ఉండే పోక్సో చట్టం 2012, 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాల, హెచ్ఎం అయినా ఆయా అయినా. చెప్పకుండా దాచితే 21వ సెక్షన్ కింద జైలు ఉంది, సంస్థ నడిపేటోనికి ఏడాది దాకా. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి పంచాయితీ చేసే విషయం కాదు ఇది. మగపిల్లలకు కూడా ఇదే చట్టం, ఆడపిల్లలు అని మాత్రమే రాసినావు, సరిచేసుకో.

పేరెంట్స్ సంగతి. 2009 అక్టోబర్ 2 నువ్వు చూసింటావు, పేరులోనే హంద్రీ పెట్టుకున్నావు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊర్లోకి వచ్చినాయి. ఆ రోజు గాంధీ జయంతి, సెలవు. బడి నడిచే రోజు అయింటే అని నేను చాలాసార్లు అనుకున్నా, ఒక్కో బడి ముందర వందల మంది, ఫోన్లు పని చేయవు, ఎవరి పిల్లోన్ని ఎవరు తీసుకపోతున్నారో తెలీదు. అందుకే ప్రతి పిల్లోనికి ముగ్గురి పేర్లు రాయించుకోండి, వాళ్ళకు తప్ప ఇంకెవరికీ అప్పజెప్పొద్దు, తీసుకపోయినోళ్ళతో సంతకం పెట్టించుకోండి. ఆటోవాళ్ళ ఫోన్ నంబర్లు కూడా. గేటు ఒకటి, పిల్లోళ్ళు నిలబడే చోటు ఇంకొకటి ఉండాల, రెండూ ఒకటే అయితే తొక్కిసలాటే. వాట్సాప్ గ్రూపులో మెసేజి ఒక్కరే పెట్టాల. 2018లో పిల్లల్ని ఎత్తకపోయేటోళ్ళు వచ్చినారని పుకార్లు తిరిగినాయి చూడు, పాపం ఏం తెలీనోళ్ళను దేశంలో ఎన్ని చోట్ల కొట్టి చంపినారు. గ్రూపులో నిజం ఐదు నిమిషాలు లేటు అయితే ఆ సందులో పుకారు దూరుతాది.

---

సీమ_తిక్కోడు:

సరేలే, బెత్తం మాట వెనక్కి తీసుకుంటా, అక్క తిట్టింది కదా. కానీ గేటు కాడ సాయంత్రం ఒక అర్ధగంట ఇద్దరు సార్లు నిలబడమను, బెత్తం లేకుండానే. సార్లు ముందే స్కూటర్లు స్టార్ట్ చేసుకోని పోతారు, అదీ మన సంగతి. అందుకే కదా ఆటోవాళ్ళు విడిపించాల్సి వచ్చింది.

---

హంద్రీ_ఒడ్డు:

అప్డేట్. ఆ గేటు డ్యూటీ వంతులవారీగా వేసుకున్నారు, తిక్కోడన్నకు థ్యాంక్స్. చెప్పిన పిల్లోని పేరు బయటికి రాకూడదు అనేది మొదటి లైనుగా రాసినా, అసెంబ్లీ చప్పట్లు బంద్. పోక్సో పేరా చదివినాక మేనేజ్‌మెంట్ సారు కాసేపు మాట్లాడలేదు, ఆ తర్వాత "అది ఉండనీలే" అన్నాడు.

నిన్న మొదటి డ్రిల్ అయింది. 600 మంది దిగడానికి 11 నిమిషాలు. రెండో పక్క జాలీ గేటు తెరిచే పెట్టినాం, అయినా అలవాటు లేక అందరూ పాత మెట్లకే పోయినారు. మూడు క్లాసుల పట్టీలు టేబుల్ మీదే మర్చిపోయినారు. అంతా దిగినాక లెక్క చూస్తే ఒకరు తక్కువ. 7వ తరగతి పాప, కాలికి పిండికట్టు, రెండో అంతస్తులో బెంచీ మీదనే కూర్చోని ఉంది. "అందరూ పోయినారు, డ్రిల్లే కదా అని ఉండిపోయినా అంకుల్" అంటాంది. ఆ పాపను దింపేది ఎవరని రాయాల? క్లాస్ టీచర్ అని రాస్తే మిగతా 40 మందితో ఎవరు దిగుతారు? కట్టు విప్పేదాకా ఆ క్లాసునే కిందికి మార్చమంటే రూములు లేవంటాండారు.