విషాదం మీద జోక్, దేశం మీద జోక్: రెండూ ఒకటేనా?

తెల్లకాగితం (చర్చ మొదలుపెట్టినవారు):

ఒక మిత్రుడితో వారం రోజులుగా వాదన నడుస్తోంది, తెగడం లేదు. జోక్ అంటే జోక్, నవ్వొస్తే నవ్వు, రాకపోతే ఊరుకో, అందులో తప్పొప్పులు వెతకడమే తప్పు అంటాడు. నాకు ఆ మాట సరిపోవడం లేదు. చావు మీద జోకులు వేయకూడదని నేను అనను. శవం ఇంట్లో ఉండగానే పోయినవాళ్ల చేష్టలు తలుచుకుని నవ్వేవాళ్లుంటారు, ఆ నవ్వులో ప్రేమ ఉంటుంది. నా గొడవ ఇంకోదానితో. ఎక్కడో ఒక దేశంలో జనం చచ్చిపోతారు. ఆ దేశం వాళ్ల గురించి అప్పటికే నోళ్లలో నానుతున్న ముద్ర ఒకటి ఉంటుంది: తిండిపోతులు, పిసినారులు, తెలివితక్కువవాళ్లు, ఏదో ఒకటి. ఆ ముద్రను తెచ్చి ఆ చావులకు అతికిస్తారు. దాన్ని కూడా బ్లాక్ హ్యూమర్ (చావు, విషాదం మీద నవ్వు) అనే అనాలా?

ఒక ఉదాహరణ చెబుతాను. 2013 జూలై 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏషియానా 214 విమానం దిగుతూ కూలిపోయింది. ముగ్గురు చనిపోయారు, ముగ్గురూ చైనా నుంచి వచ్చిన టీనేజ్ అమ్మాయిలు. ఆరు రోజుల తర్వాత కేటీవీయూ అనే అక్కడి టీవీ చానెల్ పైలట్ల పేర్లంటూ నాలుగు పేర్లు తెర మీద వేసి చదివింది. అవి పేర్లు కావు. ‘ఏదో తేడాగా ఉంది’, ‘మరీ కిందికి వచ్చేశాం’ లాంటి ఇంగ్లీషు మాటలను చైనా పేర్లలా వినిపించేటట్టు విరగ్గొట్టి ఎవరో చేసిన వెక్కిరింపు. విమానమేమో కొరియా వాళ్లది. ప్రమాదాన్ని విచారిస్తున్న ప్రభుత్వ సంస్థలోని ఒక ఇంటర్న్ ఆ పేర్లు నిజమేనని చెప్పడంతో చానెల్ వాళ్లు ప్రసారం చేసేశారు. యాంకర్ ఎక్కడా తడబడకుండా చదివింది. ఇంతమంది చేతులు దాటినా ఆ వెక్కిరింపు పట్టుబడలేదంటే, వాళ్ల చెవులకు అవి ‘వాళ్ల పేర్ల’ లాగే వినిపించాయన్నమాట. నన్ను కలవరపెట్టేది ఇదే. చనిపోయిన ఆ అమ్మాయిలు ఆ జోక్‌లో ఎక్కడా లేరు.

ఐర్లాండ్ వాళ్ల మీద బంగాళాదుంప జోకులు కూడా ఇలాంటివే. 1845లో అక్కడ బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. 1852 నాటికి దాదాపు పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మందికి పైగా దేశం వదిలి పోయారు. అదే కాలంలో ధాన్యం, పశువులు, వెన్న ఓడలెక్కి ఇంగ్లండ్ వెళ్తూనే ఉన్నాయి. ‘దుంప తప్ప ఇంకేమీ తినరు’ అని నవ్వే జోక్‌లో ఆ ఓడలు ఉండవు. తప్పంతా తినేవాళ్ల స్వభావానిదే అయిపోతుంది.

మీరంతా ఏమంటారు?

గాలివాటం:

తెల్లకాగితం గారూ, మీరు రెండు పెట్టెలు చేసి ఒకదాని మీద మంచి అని, ఇంకోదాని మీద చెడ్డ అని రాశారు. లోకం అంత సులువుగా పెట్టెల్లో ఇమడదండీ.

బోస్నియా రాజధాని సరయేవో నగరాన్ని 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా ముట్టడించారు. నీళ్లు లేవు, కరెంటు లేదు, గ్యాస్ లేదు, కొండల మీద నుంచి స్నైపర్లు కాలుస్తూ ఉండేవాళ్లు. ఆ ఊళ్లో అప్పుడు తిరిగిన జోక్ ఇది: సరయేవోకూ ఆష్విట్జ్‌కూ (నాజీలు యూదులను గ్యాస్ గదుల్లో చంపిన శిబిరం) తేడా ఏమిటి? ఆష్విట్జ్‌లో కనీసం గ్యాస్ ఉండేది. దీన్ని ఏ పెట్టెలో వేస్తారు? అందులో ఇంకో జాతి విషాదం ఉంది. ఆ విషాదాన్ని తమ అవసరానికి వాడుకున్నారు. అయినా తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

ఇంకో మాట. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక గాల్లోకి లేచిన 73 సెకన్లకు ముక్కలైపోయింది. ఏడుగురు పోయారు, వాళ్లలో ఒకరు స్కూల్ టీచర్. కొద్ది రోజుల్లోనే అమెరికా అంతటా ఘోరమైన జోకులు పాకాయి. జానపద పరిశోధకుడు ఎలియట్ ఓరింగ్ వాటి మీద 1987లో ఒక వ్యాసం రాశాడు. ఆ జోకులు పోయినవాళ్ల మీద క్రూరత్వంతో పుట్టినవని తేల్చేయడానికి ఆయన ఒప్పుకోలేదు. టీవీ ఆ దృశ్యాన్ని పదేపదే చూపిస్తూ గంభీరమైన మాటలు వల్లిస్తుంటే, ఆ మాటల మీద జనం తిరగబడ్డారని ఆయన చెప్పాడు. జోక్ పైకి దేని మీద ఉందో లోపల కూడా దాని మీదే ఉంటుందని అనుకోవద్దు.

జోకులను తూకం వేసే అధికారం ఎవరికైనా ఇస్తే ఏమవుతుందో కూడా చూశాం. స్టాలిన్ కాలంలో జోక్ చెప్పినందుకు మనుషులను శిబిరాలకు పంపారు.

తెల్లకాగితం:

జైలుకు పంపమని నేను అడగలేదండీ. ఒక జోక్ విని ‘ఇది బాగాలేదు’ అనే హక్కు మాత్రమే అడుగుతున్నాను. మొదటి మాటకే శిబిరాల దాకా వెళ్లిపోతే ఇక మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది?

సరయేవో జోక్ నాకూ గుండెకు తగిలింది. అది చెప్పినవాడు చలికి వణుకుతున్నాడు, రేపు నీళ్ల కోసం వరసలో నిలబడ్డప్పుడు పోతాడేమో తెలియదు. ‘యూదులు ఇలాంటివాళ్లు’ అన్న మాట అందులో లేదు. ఒక నరకం పక్కన తన నరకాన్ని పెట్టుకున్నాడు, అంతే. అదే జోక్‌ను దూరంగా వెచ్చని గదిలో కూర్చున్నవాడు చెబితే నాకు రుచించదు.

మనిషి ఒకడే అయినా చోటు మారితే ఏమవుతుందో చూడండి. గిల్బర్ట్ గాట్‌ఫ్రీడ్ న్యూయార్క్‌లో పుట్టి పెరిగిన కమెడియన్. 2001 సెప్టెంబర్ 29న, అంటే ట్విన్ టవర్స్ కూలి మూడు వారాలు కూడా కాకముందే, అదే ఊళ్లో వేదిక మీద విమానం జోక్ వేశాడు. జనంలోంచి ఎవరో ‘అప్పుడేనా!’ అని అరిచారు. కానీ అతను కూడా ఆ బూడిద రాలిన ఊరివాడే. అందరూ ఒకే గాయంతో ఉన్నారు. చివరికి ఆ రాత్రి వాళ్లను పగలబడి నవ్వించాడు కూడా. 2011 మార్చిలో జపాన్‌లో సునామీ వచ్చినప్పుడు అతనే ట్విట్టర్‌లో వరసగా జోకులు పెట్టాడు. అప్పటికి సముద్రంలోంచి శవాలు ఇంకా బయటికి వస్తూనే ఉన్నాయి. జపాన్‌లో పెద్ద వ్యాపారమున్న అఫ్లాక్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ ప్రకటనల్లో బాతుకు గొంతు ఇచ్చేది అతనే. మూడు రోజుల్లో వాళ్లు అతన్ని తీసేశారు. కంపెనీ తన వ్యాపారం చూసుకుందనుకోండి, ఆ సంగతి వదిలేద్దాం. మొదటిసారి అతను గాయపడినవాళ్ల మధ్య ఉన్నాడు, రెండోసారి గట్టు మీద ఉన్నాడు. తేడా అక్కడ ఉందని నా నమ్మకం.

పాత రేడియో:

పెద్దవాడిగా ఒక మాట చెప్పనివ్వండి. దేశాల మీద జోకులన్నీ ద్వేషంతో పుట్టినవి కావు. క్రిస్టీ డేవిస్ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త జీవితమంతా ఇదే పని చేశాడు. ‘మూర్ఖుల’ జోకులు ఎవరు ఎవరి మీద వేస్తారో ప్రపంచమంతా వెతికాడు. ఇంగ్లీషువాళ్లు ఐరిష్ వాళ్ల మీద, ఫ్రెంచివాళ్లు బెల్జియం వాళ్ల మీద, బ్రెజిల్ వాళ్లు పోర్చుగీసుల మీద, అమెరికన్లు పోలండ్ వాళ్ల మీద వేస్తారు. జోకులు చాలావరకు అవే, పేర్లు మారతాయి. స్వీడన్, నార్వే వాళ్లయితే ఒకే జోకులను ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. అసలు శత్రువు మీద మూర్ఖుడని జోకులు వేయరు, దగ్గరివాడి మీద వేస్తారు. జోకులు థర్మామీటర్ లాంటివని, జ్వరాన్ని చూపిస్తాయే కానీ తెప్పించవని ఆయన వాదన.

సరయేవో మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. బోస్నియా కూడా భాగంగా ఉన్న అప్పటి యుగోస్లావియా అంతటా బోస్నియా వాళ్లంటే మందబుద్ధులని ముయో, హాసో అనే ఇద్దరి పేర్లతో జోకులుండేవి. యుద్ధం వచ్చాక ఆ ముయో, హాసోలను బోస్నియా వాళ్లే దగ్గరికి తీసుకున్నారు. తమ మీద వేసిన ముద్రతోనే ఆ రోజులు గట్టెక్కారు.

తెల్లకాగితం:

పాత రేడియో గారూ, ముయో, హాసోల సంగతి నాకు తెలియదు. మంచి విషయం చెప్పారు. పోలండ్ దగ్గర మాత్రం ఆగుతాను.

1939 సెప్టెంబర్ 1న, యుద్ధం మొదలైన రోజే, క్రొయాంతీ అనే ఊరి దగ్గర పోలండ్ గుర్రపు దళం జర్మన్ పదాతి దళం మీద దాడి చేసి చెదరగొట్టింది. తర్వాత జర్మన్ సాయుధ వాహనాలు వచ్చి కాల్పులు జరపడంతో చాలామంది పోయారు. ఆ చోటికి తీసుకొచ్చిన ఇటలీ విలేకరులు గుర్రాల శవాలు చూసి, వీళ్లు ఈటెలతో ట్యాంకుల మీదికి ఉరికారని రాశారు. నాజీ ప్రచారానికి అది పండగైంది. ఆ కథ యుద్ధం ముగిశాక కూడా దశాబ్దాల పాటు బతికింది, ‘పోలండ్ వాడి తెలివి’కి సాక్ష్యంగా చలామణీ అయింది. చనిపోయినవాళ్లు తమ పని తాము సరిగ్గానే చేశారు. లోకం వాళ్లను మూర్ఖులుగా గుర్తుపెట్టుకుంది. జ్వరాన్ని కొలిచే పరికరం ఇంత పని చేస్తుందా అండీ?

మధ్యాహ్నం:

నేను పుస్తకాల సంగతి చెప్పలేను, నాకు జరిగింది చెబుతాను. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చింది, దాదాపు తొమ్మిది వేల మంది పోయారు. అప్పుడు నేను పనిచేసే చోట నేపాలీ అమ్మాయి ఒకామె ఉండేది. మా అందరికీ ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. భూకంపం వచ్చిన మూడో రోజున ఒకతను అందులో ఒక జోక్ పెట్టాడు. నేపాలీ అంటే కాపలావాడు అనే ముద్ర ఉంది కదా, దాని మీద అల్లిన జోక్. రాత్రంతా కాపలా కాసేవాళ్లకు భూకంపం వస్తున్నట్టు తెలియలేదా అని. ఇక్కడ రాయడానికి కూడా చేయి రావడం లేదు.

నలుగురితో నారాయణ అన్నట్టు ఒకరి తర్వాత ఒకరు నవ్వారు. నేను ఏమీ అనలేదు. ఆమె గ్రూప్‌లో ఉందన్న సంగతి గుర్తుండి కూడా అనలేదు.

గాలివాటం:

మధ్యాహ్నం గారూ, ఆ జోక్‌ను నేను సమర్థించను. కానీ ఆమె ఏమందో మీరు చెప్పలేదు. వేరేవాళ్ల తరఫున మనం బాధపడటం తేలిక. సరయేవో వాళ్లలాగే ఆమె కూడా ఇంకో రకంగా తీసుకుని ఉండొచ్చు.

కాలం సంగతి కూడా చూడాలి. 2012 అక్టోబర్ చివర్లో శాండీ తుఫాను అమెరికాను తాకినప్పుడు హాస్యం మీద పరిశోధన చేసే పీటర్ మెక్‌గ్రా బృందం దాని మీది ట్వీట్లను వేర్వేరు రోజుల్లో జనానికి చూపించింది. వాళ్లకు నవ్వు ఎక్కువ వచ్చింది 36 రోజులు గడిచాక. ఆ తర్వాత మళ్లీ తగ్గిపోయింది. మూడో రోజున క్రూరంగా అనిపించేది ఒక నెల తర్వాత అలా అనిపించకపోవచ్చు.

ఇంకొకటి. 2016 ఆగస్టు 24న ఇటలీలో అమత్రీచే ఊరు భూకంపంలో నేలమట్టమైంది. ఆ ప్రాంతంలో దాదాపు 300 మంది పోయారు. ఫ్రాన్స్ వ్యంగ్య పత్రిక షార్లీ ఎబ్డో ఆ గాయపడినవాళ్లను, శిథిలాల కింద పడ్డవాళ్లను పాస్తా వంటకాలుగా బొమ్మ గీసింది. గోల మొదలయ్యాక ఇంకో కార్టూన్ వేసింది: మీ ఇళ్లు కట్టేది మేము కాదు, మాఫియా. ఆ రెండో దాంట్లో నిజం లేదా? 2012లో బాగుచేయించిన స్కూల్ భవనం కూడా అక్కడ కూలిపోయింది. మీరు ఐర్లాండ్ ఓడల గురించి అడిగారు కదా, ఇక్కడ కార్టూన్ ఆ ఓడలనే చూపించింది.

తెల్లకాగితం:

ఇది గట్టి ప్రశ్న. నిన్న రాత్రంతా దీని గురించే ఆలోచించాను.

మొదటి బొమ్మ సంగతి తేలిక. అమత్రీచే పేరు మీద ఒక పాస్తా ఉంది, ఆ వారాంతంలోనే దాని పండుగ జరగాల్సింది. అలాంటి ఊరి శవాలను లజానియా పొరల్లా పేర్చి గీస్తే అందులో ఇటలీ అంటే పాస్తా అన్న ముద్ర తప్ప ఇంకేమీ లేదు. రెండోది వేరు. నాసిరకం కట్టడాల మీద కోపం అందులో ఉందని ఒప్పుకుంటున్నాను. 2015లో తమ ఆఫీసులోనే దాడి జరిగి 12 మంది చనిపోయిన పత్రిక అది, వాళ్లకు చావంటే తెలియదని నేను ఎలా అంటాను? అయితే ‘ఫలానా కాంట్రాక్టరు, ఫలానా అధికారి’ అని వేలు పెట్టి చూపించడానికీ, ‘ఇటాలియన్లారా, మాఫియా’ అనడానికీ తేడా ఉంది. మాఫియా కూడా ఇంకో ముద్రే. స్కూల్ బాగుచేయించిన డబ్బు ఎటు పోయిందని అడగాల్సినవాళ్లు ఆ మాటతో ‘ఇటలీ కదా, అంతేలే’ అని ఊరుకుంటారు.

ముద్రలు అసలు నిజమేనా అంటే, 2005లో 49 సంస్కృతుల మీద జరిగిన పెద్ద అధ్యయనం ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఒక దేశం వాళ్లు ఎలాంటివాళ్లని జనం అనుకుంటారో దానికీ, ఆ దేశంలోని మనుషుల స్వభావాలను కొలిస్తే వచ్చిన సగటుకీ పొంతన కనపడలేదు.

థర్మామీటర్ మాటకు కూడా జవాబు చెప్పాలి. థామస్ ఫోర్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ప్రయోగాలు చేసింది. ఆడవాళ్ల మీద అప్పటికే చులకన భావమున్న మగవాళ్లకు ఆడవాళ్లను కించపరిచే జోకులు చదివించారు. మామూలు జోకులు చదివిన అలాంటి మగవాళ్లతో పోలిస్తే వీళ్లు మహిళా సంస్థకు తక్కువ విరాళం ఇస్తామన్నారు. చులకన భావం లేనివాళ్ల మీద ఆ జోకులు అలా పనిచేయలేదు. జోక్ కొత్తగా ద్వేషం పుట్టించలేదు, నిజమే. ఉన్న ద్వేషానికి ‘ఇక్కడ ఫరవాలేదు, బయటికి రా’ అని చెప్పింది. అవి దేశాల మీద జోకులు కావు, కానీ దేశాల విషయంలో ఇంకోలా ఉంటుందనుకోవడానికి నాకు కారణం కనపడటం లేదు.

పాత రేడియో:

ఫోర్డ్ ప్రయోగం సంగతి ఒప్పుకోవాల్సిందే. డేవిస్‌ను పూర్తిగా వదులుకోలేను కానీ, క్రొయాంతీ విషయం నా వాదనకు అడ్డం పడింది. చదువుతాను.

మధ్యాహ్నం:

గాలివాటం గారూ, ఆమె ఏమందని అడిగారు. ఆ రోజు ఏమీ అనలేదు. అప్పటి నుంచి ఆ గ్రూప్‌లో ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు. మీరు చెప్పిన 36 రోజులు కూడా గడిచాయి, ఆమెకు నవ్వు రాలేదు. వాళ్ల పెదనాన్న గారి ఇల్లు కూలి ఇద్దరు పోయారని ఆ తర్వాతే మాకు తెలిసింది.

రెండు నెలలయ్యాక నేను ఆమెకు విడిగా రాశాను. ఆ రోజు మాట్లాడకుండా ఉండిపోయాను, క్షమించు అక్కా అని. వయసులో ఆమె నాకన్నా చిన్నదే, అయినా అలాగే రాయాలనిపించింది. సాయంత్రానికి జవాబు వచ్చింది. ‘మీరు ఊరికే ఉండలేదు. నవ్వే బొమ్మ పెట్టారు’ అని.

పెట్టినట్టు నాకు గుర్తు లేదు. గ్రూప్‌లో పైకి జరుపుకుంటూ ఆ తేదీ దాకా వెళ్లి చూశాను. ఉంది.